ఇడ్లీ పిండిలో ఈస్ట్ అక్కర్లేదు: పొంగు ఎక్కడినుంచి వస్తుంది, ఎందుకు రాదు

పిండి పొంగకపోతే చిటికెడు ఈస్ట్ వేయమనే సలహా ఈమధ్య బాగా తిరుగుతోంది. దయచేసి వేయకండి. బ్రెడ్డును లేపేది ఈస్ట్ అయితే, ఇడ్లీ పిండిని ప్రధానంగా లేపేది ల్యూకోనోస్టాక్ మెసెంటిరాయిడిస్ అనే బ్యాక్టీరియా. 1965లో స్టైన్‌క్రాస్, ముఖర్జీ బృందం అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఈ సంగతి తేల్చింది. బ్యాక్టీరియా పప్పు, బియ్యంతోనే వస్తుంది, విడిగా తోడు వేయక్కర్లేదు. అదే గ్యాసునూ పులుపునూ పుట్టిస్తుంది. పిండిలో సహజంగా ఈస్టులు కూడా ఉంటాయి, రుచికి సాయపడతాయి. బజారు ఈస్ట్ వేస్తే మాత్రం పులుపు ఎక్కకముందే పిండి ఉబ్బి, ఇడ్లీకి బ్రెడ్డు వాసన వస్తుంది.

కొలతలు: పొట్టు తీసిన మినప గుళ్ళు 200 గ్రాములు, ఇడ్లీ రవ్వ 400 గ్రాములు, మెంతులు అర టీస్పూను, ఉప్పు రెండు టీస్పూన్లు. ఏడాది దాటిన పాత పప్పు అయితే ఎంత రుబ్బినా నురగ సరిగ్గా రాదు, అక్కడే సగం పని చెడుతుంది.

పప్పు, మెంతులు కడిగి చల్లటి నీళ్ళలో నాలుగైదు గంటలు నానబెట్టండి. తొందర కోసం వేడి నీళ్ళు పోస్తే పులియబెట్టే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. రవ్వను మూడుసార్లు కడిగి విడిగా నానబెట్టి, పిండిలో కలిపే ముందు గట్టిగా పిండేయండి. రవ్వలో మిగిలిన నీళ్ళే పిండి జారుకావడానికి మొదటి కారణం.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది రుబ్బడం మీద. బ్యాక్టీరియా పుట్టించిన గ్యాసును పట్టి ఉంచేది మినప్పిండే. పప్పులోని ప్రొటీను, జిగురు కలిసి ఆ పని చేస్తాయని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సి.ఎఫ్.టి.ఆర్.ఐ.)లో సుశీలమ్మ, ఎం.వి.ఎల్. రావు 1970లలో చూపించారు. గ్రైండరులో పావు లీటరు నుంచి 300 మిల్లీలీటర్ల ఐసు నీళ్ళను కొద్దికొద్దిగా చిలకరిస్తూ 25–30 నిమిషాలు తిప్పండి. మిక్సీ అయితే గిన్నె వేడెక్కగానే ఆపి, చల్లారాక మళ్ళీ తిప్పండి. గిన్నెడు నీళ్ళలో ఓ చుక్క పిండి వేసి చూడండి. గుండ్రంగా తేలితే చాలు, మునిగితే ఇంకో ఐదు నిమిషాలు తిప్పాలి.

రవ్వ, ఉప్పు వేసి చేత్తో అడుగునుంచి కలపండి. గిన్నెలో సగానికి మించి పిండి ఉండకూడదు. కాస్త పిండిని గాజు గ్లాసులో పోసి, మట్టం దగ్గర రబ్బరు బ్యాండు వేసి పక్కన పెట్టుకుంటే మూత తీయకుండానే పొంగు తెలుస్తుంది. రెట్టింపుకు దగ్గరైతే సిద్ధం.

28–30 డిగ్రీల్లో 8 నుంచి 12 గంటలు పడుతుంది. 20 డిగ్రీల్లో దాదాపు రోజంతా. ల్యూకోనోస్టాక్‌కు మితమైన వేడే ఇష్టం. మే నెలలో వంటగది 38 దాటితే పులుపు పెంచే వేరే బ్యాక్టీరియాదే పైచేయి అవుతుంది. పిండి పొంగకుండానే పుల్లబడుతుంది. అప్పుడు గిన్నెను చల్లటి నీళ్ళ పళ్ళెంలో పెట్టి, ఆరేడు గంటలకే ఫ్రిజ్‌లోకి మార్చండి. చలిదేశాల్లో ఉన్నవాళ్ళు ఓవెన్‌లో లైటు మాత్రం వేసి పెడుతుంటారు. మంచి ఉపాయమే, కానీ థర్మామీటరు పెట్టి చూడండి. 32 దాటితే తలుపు కాస్త తెరిచి ఉంచాలి. చలిలో ఉప్పు పులిశాక వేసుకుంటే మేలు, ఎక్కువ ఉప్పు పులియడాన్ని నెమ్మదింపజేస్తుంది.

గరిటెతో పక్కకు తీస్తే లోపల తేనెపట్టులా రంధ్రాలు కనిపించాలి. పైభాగం మధ్యలో కుంగి, అడుగున నీరు విడితే ఎక్కువ పులిసినట్టు. దాంతో ఊతప్పం వేసుకోండి. పులుపు తగ్గించాలని వంటసోడా వేయడం మాకు నచ్చదు, క్షారంలో బి1 విటమిన్ నశిస్తుంది.

పొంగిన పిండిని గిలక్కొట్టకండి, గాలంతా పోతుంది. పైనుంచి మెల్లగా తీసి రేకుల్లో వేసి, నీళ్ళు మరిగాకే పెట్టి 10–12 నిమిషాలు ఉడికించండి. దించాక రెండు నిమిషాలు ఆగితే అంటుకోకుండా వస్తాయి. మిగిలిన పిండి ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది. గులాబీ, నలుపు, పచ్చ మచ్చ ఏది కనబడినా పైపైన తీసేసి వాడకండి, మొత్తం పారేయండి.