రాక్ చేతికి బ్లూస్, 6వ పాఠం: ఐదో ఫ్రెట్ దగ్గర తగాదా

రాక్ గిటార్ వాయించే మీకు ఈ వారం బ్లూస్ టర్నరౌండ్, అంటే రౌండ్ చివర్లో మళ్లీ మొదటికి తిప్పే ముక్క, నేర్పుతానని పోయినసారి చివర్లో రాశాను. దానికి ఇవాళ ఒక్క పేరా మించి ఇవ్వలేను. మీరు పంపిన రికార్డింగులు పాతిక దాకా విన్నాను. దాదాపు అందరూ ఒకచోటే బోల్తా పడ్డారు. అందులో సగం తప్పు నాదే. "ఎ7 కార్డ్ నడుస్తున్నప్పుడు మూడో తీగ ఐదో ఫ్రెట్‌ని కాస్త లాగండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. (కార్డ్ అంటే కలిసి మోగే స్వరాల గుత్తి, ఫ్రెట్ అంటే గిటార్ మెడ మీద మెట్టు. తీగల లెక్క సన్న తీగ నుంచి. ఈ చోట పలికేది సి.) కాస్త అంటే ఎంత? కూరలో ఉప్పు ఎంత వెయ్యాలని అడిగితే మా ఇంట్లో కూడా ఇదే జవాబు వస్తుంది, ఇదే గొడవ అవుతుంది. కొందరు ఏకంగా పక్క మెట్టు స్వరం సి షార్ప్ దాకా లాగారు. కొందరు ఇంకా పైకెళ్లి డి దగ్గర ఆగారు. ఒకాయన అసలు లాగకుండా, ఉన్నచోటే వేలు వణికించి వదిలేశాడు.

స్కేళ్లు, ఆల్టర్నేట్ పికింగ్, ట్యాపింగ్ మీకు నేను నేర్పక్కర్లేదు. అవి నాకంటే బాగా వచ్చినవాళ్లు మీలో ఉన్నారు. పన్నెండు బార్ల లెక్క (బార్‌కి నాలుగు దెబ్బలు, పన్నెండు బార్లు ఒక రౌండ్) రెండో పాఠంలో, షఫుల్ అనే ఊగే లయ నాలుగో పాఠంలో ఉన్నాయి. మళ్లీ చెప్పను.

ఆదివారం రావులపాలెం నుంచి ఒకబ్బాయి నేరుగా మా ఇంటికే వచ్చేశాడు. ఇంజినీరింగ్ మూడో ఏడాది. చెయ్యి చూస్తే ముచ్చటేస్తుంది, అంత వేగం. యాంప్ పెట్టి, పెడల్ తొక్కి, వెనక మోగేందుకు నేను చేసిన బ్యాకింగ్ ట్రాక్ మీద మూడు రౌండ్లు వాయించాడు. ఎక్కడా ఊపిరి తీసుకోలేదు.

"ఎలా ఉందండి మాస్టారూ?"

"బాగానే ఉంది గానీ, రావులపాలెంలో కూడా ఆగకుండా పోయే బస్సులా ఉందిరా."

ఇంతలో కరెంటు పోయింది. యాంప్ చచ్చింది, పెడల్ చచ్చింది. కరెంటు వచ్చాక వాయిస్తానన్నాడు. ఇప్పుడే వాయించమన్నాను. అరుగు మీద కూర్చుని, ఉత్త తీగల చప్పుడుతో, ఆ ఒక్క స్వరం లాగమన్నాను. లాగాడు. మొహం వాడే చిట్లించుకున్నాడు. ఇన్నాళ్లూ పెడల్ ఇచ్చే గరుకు మోత, డిస్టార్షన్, కింద దాక్కున్నదంతా ఒక్కసారి బయటపడింది. వాడు సి నుంచి బయల్దేరి సి షార్ప్ దాటి, డి కి ముందు ఎక్కడో, ఊరూ పేరూ లేనిచోట దిగుతున్నాడు.

"ఎంతవరకు లాగాలండీ మరి?"

"ఎవరైనా పిలిస్తే ఏమంటావు?"

"ఆయ్."

"మళ్లీ అను."

"ఆయ్..."

అంతే. మనవైపు ఆయ్ అన్నప్పుడు చివర్లో గొంతు కొంచెం పైకి లేస్తుంది చూశారా, ఇంకో స్వరం దాకా వెళ్లదు, లేచి ఊరుకుంటుంది. మూడో తీగ ఐదో ఫ్రెట్ లాగాల్సింది అంతే. మన పక్క జిల్లాలవాళ్లు దీనికి నవ్వుతారు గానీ బ్లూస్‌కి సగం దూరం మనం పుట్టుకతోనే వచ్చేశాం.

ఇప్పుడు సంగతి వివరంగా. ఎ మైనర్ పెంటటోనిక్ అనే ఐదు స్వరాల స్కేల్‌లో ఉన్నది సి. కింద మోగుతున్న ఎ7 కార్డ్‌లో ఉన్నది సి షార్ప్. రెండూ కలిస్తే గీసుకుంటాయి. బ్లూస్ పాడేవాళ్లు ఈ తగాదాని తీర్చరు, రెండింటి మధ్యన నిలబడతారు. సంగీతం క్లాసుకి వెళ్లినవాళ్లకి ఇంకో రకంగా చెప్తాను. ఎ ని షడ్జమం అనుకోండి. మన పెంటటోనిక్ స్వరాలు శుద్ధ ధన్యాసి స్వరాలే: స గ మ ప ని. అందులో గ సాధారణ గాంధారం. కార్డ్ అడుగుతున్నది అంతర గాంధారం. మీ వేలు సాధారణం దగ్గర బయల్దేరి అంతరం వైపు చూడాలి, చేరకూడదు.

చేరకూడదు అని మూడుసార్లు రాద్దామనుకున్నాను. ఎందుకంటే ఒకాయన స్వరం కొలిచే ట్యూనర్ పెట్టుకుని, ముల్లు సరిగ్గా రెండు స్వరాల నడుమ నిలబెట్టి, "వచ్చేసింది సార్" అని ఫోటో పంపాడు. రాలేదు బాబూ! అది నిలబడే చోటు కాదు, నడిచే దారి. సి మోగాలి, మోగుతూ కొంచెం పైకి జారాలి, జారుతుండగానే వదిలేసి కింద ఎ కి రావాలి, అంటే నాలుగో తీగ ఏడో ఫ్రెట్‌కి. ఆ జారుడు రోజూ ఒకేలా ఉండక్కర్లేదు. పాట కోపంగా ఉంటే ఎక్కువ, నీరసంగా ఉంటే తక్కువ. ముల్లు చూసి లాగడం మానేసి గొంతుతో అంటూ లాగండి.

తీగ లాగడం రాక్ వాళ్ల సొత్తని అనుకునేవాళ్లకి ఒక మాట. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారి వీణలో మెట్టు మీద తీగని పక్కకి లాగి స్వరం పలికించడం వినండి. పాలకొల్లు కుర్రాడు యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద, ఫ్రెట్లున్న వాయిద్యం మీద, గమకాలు పలికించాడు. మన చెవికి ఇది కొత్త కాదు. ఒక్కటే జాగ్రత్త: గమకం అలవాటున్న చెయ్యి ఈ సి ని అటూ ఇటూ ఊపేస్తుంది. ఇక్కడ ఊపకండి. ఒక్కసారి లేచి ఊరుకోవాలి.

వేలు సంగతి. మూడో తీగ ఐదో ఫ్రెట్ చూపుడు వేలితో, నేల వైపు లాగండి. బలం వేలిది కాదు, మణికట్టుది. తాళంచెవి తిప్పినట్టు తిరగాలి. అదే సి ఒకటో తీగ ఎనిమిదో ఫ్రెట్‌లో కూడా ఉంది, అక్కడ మాత్రం పైకే తొయ్యాలి, కిందికి లాగితే తీగ మెడ దాటిపోతుంది. బ్లూస్ గిటారిస్ట్ ఆల్బర్ట్ కింగ్‌ది ఎడమ చెయ్యి. కుడిచేతివాళ్ల గిటార్‌నే తిరగేసి పట్టుకున్నాడు, తీగలు మార్చలేదు. సన్న తీగలు పైనుండేవి కాబట్టి అందరూ తోసేవాటిని ఆయన లాగాడు. ఆ బరువు ఆయన స్వరంలో వినిపిస్తుంది.

సన్న తీగలు, అంటే 9 నంబర్ సెట్, వాడేవాళ్లకి వేలు ఆనిస్తే చాలు స్వరం పైకి పోతుంది. 10 నంబర్ వేసుకోండి. 11 వేసుకుంటే వీరులవుతారని ఎవరో చెప్పారట, నాకు నమ్మకం లేదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉన్నవాళ్లకి సముద్రపు గాలికి తీగలు తుప్పు పడతాయి, తుప్పు తీగ లాగుతుంటే ఫ్రెట్ మీద గరగరలాడుతుంది. వాయించాక పాత పంచె ముక్కతో తుడవండి. ఫ్లాయిడ్ రోజ్ లాంటి, స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జ్ (తీగల కొసలు బిగించే చోటు) ఉన్న గిటార్‌లో ఒక తీగ లాగితే మిగతావన్నీ కిందికి దిగిపోతాయి. నేనైతే వెనక మూత తీసి, బ్రిడ్జ్ దిమ్మకీ కొయ్యకీ మధ్య కొలతకి కోసిన టేకు ముక్క దూర్చేశాను. మెకానిక్‌లు ఒప్పుకోరు. ఆరేళ్లయింది, బాగానే ఉంది.

ఇంకా అయిపోలేదు. ఐదో బార్‌లో కార్డ్ డి7 కి మారుతుంది. డి7 స్వరాలు డి, ఎఫ్ షార్ప్, ఎ, సి. అంటే ఇందాక తగాదా పడిన సి ఇక్కడ ఇంటి మనిషి. దాన్ని లాగకండి, తిన్నగా వాయించండి. మీ రికార్డింగుల్లో ఈ తేడా చూపించింది ఇద్దరే ఇద్దరు. ఒకే మనిషి అత్తారింట్లో ఒకలా, సొంతింట్లో ఒకలా కూర్చుంటాడు కదా, ఈ సి కూడా అంతే. ఎ7 మీద కాస్త ఒళ్లు విరుచుకుంటుంది, డి7 మీద చాప వేసుకుని పడుకుంటుంది. ఫ్రెట్ ఒకటే, వేలు ఒకటే. కార్డ్ మారిందని వినేవాడికి ఆ ఒక్క స్వరంతో తెలియాలి.

"గ్యారీ మూర్ స్పీడ్‌గానే వాయించాడు కదా" అని నలుగురు రాశారు. వాయించాడు, కాదనను. బెల్‌ఫాస్ట్ మనిషి, థిన్ లిజ్జీ అనే రాక్ బ్యాండ్‌లో వాయించాడు, ఎనభైల్లో హార్డ్ రాక్ చేశాడు, 1990లో "స్టిల్ గాట్ ద బ్లూస్" ఆల్బమ్‌తో ఇటు తిరిగాడు. ఆల్బర్ట్ కింగ్, ఇంకో బ్లూస్ గిటారిస్ట్ ఆల్బర్ట్ కాలిన్స్ ఇద్దరూ అందులో ఆయనతో కలిసి వాయించారు. మన పాఠాలకి ఆయన్ని మించిన గురువు లేడు. కానీ మీరు ఆయన వేగాన్ని మాత్రమే తెచ్చుకుని, ఆ వేగానికి ముందు ఆయన పట్టి ఉంచిన స్వరాన్ని అక్కడే వదిలేసి వచ్చారు. ఇంకోటి, ఆ ఆల్బమ్ పేరున్న పాట పన్నెండు బార్ల బ్లూస్ కాదు, దాని కార్డుల నడక వేరు. దాని సోలో తెచ్చి మన ట్రాక్ మీద అతికించిన ఇద్దరికీ ఎక్కడ తేడా కొట్టిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఊపిరి గురించి పొడుగ్గా రాయను, బుర్రకథ చూసినవాళ్లకి రెండు ముక్కలు చాలు. కథకుడు ఒక చరణం అంటాడు, వంతలు తందాన తాన అంటారు. కథకుడు పాడుతుండగా వంతలు అందుకోరు. బ్లూస్‌లో పన్నెండు బార్లు మూడు లైన్లు, లైన్‌కి నాలుగు బార్లు. గాయకుడు మొదటి రెండు బార్లలో మాట పాడేస్తాడు, తర్వాతి రెండింటిలో గిటార్ వంత పాడుతుంది. రెండో లైన్‌లో అదే మాట మళ్లీ, మూడో లైన్‌లో దానికి జవాబు. బ్లూస్ గాయకుడు, గిటారిస్ట్ బి.బి. కింగ్ పాడేటప్పుడు వాయించేవాడు కాదు, వాయించేటప్పుడు పాడేవాడు కాదు. తనకు కార్డులు వాయించడం రాదని కూడా చెప్పుకునేవాడు. మీరు సోలో వాయిస్తున్నప్పుడు కథకుడూ మీరే, వంతా మీరే. కథకుడి నోటికి అడ్డం పడకండి.

"డెల్టా బ్లూస్ అంటే మనలాంటి డెల్టాయేనా" అని అమలాపురం నుంచి ఒకావిడ అడిగారు. కాదండి. అమెరికాలో మిసిసిప్పి, యాజూ నదుల మధ్య ఉన్న వరద మైదానానికి వాళ్లు పెట్టుకున్న పేరది, నది సముద్రంలో కలిసేచోటు ఇంకా చాలా దూరం, లూసియానాలో. అసలు సిసలు డెల్టా మనదే. వాళ్లకి కాటన్ పంట, మనకి కాటన్ దొర.

టర్నరౌండ్: పదకొండో బార్‌లో నాలుగో తీగ మీద 5, 4, 3, 2 ఫ్రెట్లు దిగండి, పైన ఒకటో తీగ ఐదో ఫ్రెట్ ప్రతిసారీ మోగిస్తూ. పన్నెండో బార్ రెండో దెబ్బకి ఇ7 కొట్టి ఆగండి. బద్ధకంగా ఉన్నరోజు నేను ఆ ఇ7 ఒక్కటే కొట్టేస్తాను. పెళ్లి ఆర్కెస్ట్రాలో ఇరవయ్యేళ్లు వాయించాను, ఎవరూ పట్టుకోలేదు.

ఇక సాధన. యాంప్ వద్దు, పెడల్ వద్దు. లయ కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టండి, ఒక రౌండ్ 48 సెకన్లు వస్తుంది. వరసగా పన్నెండు రౌండ్లు. మూడో తీగ 5, 7 ఫ్రెట్లు, నాలుగో తీగ 7, ఈ మూడు స్వరాలే. ప్రతి లైన్‌లో మొదటి రెండు బార్లకి ఐదు స్వరాలు దాటకూడదు. తర్వాతి రెండు బార్లు చెయ్యి తీగల మీంచి తీసి ఒడిలో పెట్టుకోవాలి. ఎ7 మీద సి లాగాలి, డి7 మీద లాగకూడదు. వాయించే ప్రతి స్వరం గొంతుతో అనాలి. ఎక్కడ తప్పినా ఒకటో రౌండ్ నుంచి మొదలు. నాకు పన్నెండో రౌండ్ ఒక్కటే పంపండి, ఫోన్ రికార్డింగ్ చాలు. ఆదివారం రాత్రిలోగా పంపాలి. పెడల్ వేసి పంపితే మొదటి స్వరం దగ్గరే ఆపేస్తాను.

రావులపాలెం అబ్బాయి నిన్న ఫోన్ చేశాడు. ఏడో రౌండ్ దాకా వచ్చాడట. వంటింట్లోంచి వాళ్లమ్మ నాలుగుసార్లు వచ్చి, "పిలవకుండానే ఆయ్ ఆయ్ అంటావేంట్రా" అని అడిగి వెళ్లిందట. ప్రతిసారీ ఒకటో రౌండ్ నుంచి మొదలుపెట్టాల్సొచ్చిందని గోల పెట్టాడు.