క్లినిక్‌లో పిల్లి తిరుగుతుంటే కుక్కను తీసుకెళ్లడం ఎలా?

కొన్ని పెట్ క్లినిక్‌లలో డాక్టరు, సిబ్బందితో పాటు ఒక పిల్లి కూడా కాపురం ఉంటుంది. ఎవరో వైద్యానికి తెచ్చి మళ్లీ తీసుకెళ్లనిదో, దెబ్బ తగిలి వచ్చి అక్కడే ఉండిపోయినదో అయి ఉంటుంది. కొన్నిచోట్ల అవసరమైనప్పుడు వేరే పిల్లులకు రక్తం ఇచ్చేది కూడా అదే. బరువు తూచే మిషన్ మీద పడుకుంటుంది, కౌంటర్ మీద ఫైళ్లు తొక్కుకుంటూ నడుస్తుంది, లోపలికొచ్చిన కుక్కను ఒకసారి ఎగాదిగా చూసి మళ్లీ కళ్లు మూసుకుంటుంది.

దాని ధైర్యం చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఆ ధైర్యాన్ని నమ్ముకుని మీరు నిశ్చింతగా కూర్చోకూడదు. ఆ పిల్లి ఇన్నాళ్లూ చూసినవన్నీ ఎవరో ఒకరు గట్టిగా పట్టుకున్న కుక్కలే. మీ చేతిలోంచి లీష్ జారిన క్షణాన ఏం జరుగుతుందో దానికి తెలియదు. పైగా కుక్కలో వేట బుద్ధిని లేపేది ముఖ్యంగా కదలిక. కూర్చున్న పిల్లిని అరగంట పట్టించుకోని కుక్క కూడా, అది బల్ల మీద నుంచి కిందికి దూకగానే ఎగబడొచ్చు.

1. బయల్దేరే ముందు ఫోన్ చేయండి

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి: అక్కడ విడిగా తిరిగే పిల్లి ఉందా, మేం వచ్చేసరికి దాన్ని లోపలి గదిలో పెట్టగలరా, జనం తక్కువుండే టైమ్ ఏది, మా వంతు వచ్చేవరకు బయట ఉండొచ్చా. మీ కుక్క పిల్లిని చూస్తే ఆగదంటే ఆ మాట మొహమాటం లేకుండా చెప్పేయండి. సిబ్బంది ఏమీ అనుకోరు, ముందే తెలిసినందుకు సంతోషిస్తారు. గ్రేహౌండ్‌లు, టెర్రియర్‌లలో చాలా జాతులను తరతరాలుగా చిన్న జంతువులను తరమడానికే పెంచారు. వాటిని తీసుకెళ్లేవాళ్లు ఈ ఫోన్ అస్సలు మానకూడదు.

‘మా ఇంట్లోనూ పిల్లి ఉంది, వీడు ఏమీ అనడు’ అనే ధీమా చాలామందికి ఉంటుంది. వెయిటింగ్ హాల్‌లో నన్ను బాగా భయపెట్టే మాట అదే. ఇంట్లో పిల్లి కుక్కకు ఇంటి మనిషి లాంటిది. బయట కనిపించే పిల్లిని అది ఆ లెక్కలో వేయదు. అందులోనూ క్లినిక్ అంటేనే మందుల వాసన, భయం, వేరే కుక్కల అరుపులు. ఇంట్లో ఉండే ఓపిక అక్కడ ఉండదు.

కారులో ఆగుతామంటే మీరూ దాంతో పాటే కూర్చోండి. అద్దాలు మూసిన కారులో ఎండ వేళ పది నిమిషాల్లోనే సుమారు 10 డిగ్రీల సెల్సియస్ వేడి పెరుగుతుంది. కుక్కను ఒంటరిగా వదిలి లోపలికి వెళ్లడం పిల్లికంటే పెద్ద ప్రమాదం.

2. సరైన లీష్, సరైన పట్టీ

నాలుగు నుంచి ఆరు అడుగుల మామూలు లీష్ చాలు. బటన్ నొక్కితే సాగే రకం మాత్రం ఇంట్లోనే వదిలేయండి. పిల్లి దూకిందని మీరు గ్రహించి బటన్ నొక్కేలోపు కుక్క హాలు అవతల ఉంటుంది. ఆ సన్నటి తాడు చేతిని కోసేస్తుంది కూడా.

భయపడిన కుక్క వెనక్కి వెనక్కి నడిచి మెడపట్టీలోంచి తల లాగేసుకుంటుంది. పట్టీ కింద మీ రెండు వేళ్లు దూరేంత జాగా ఉంటే సరిపోతుంది, అంతకంటే వదులుంటే బిగించండి. దీనికంటే ఛాతీకి వేసే హార్నెస్ మేలు.

పిల్లిని చూస్తే పూనకం వచ్చే కుక్కకు మూతికి చిక్కం వేయడంలో నామోషీ ఏమీ లేదు. బుట్టలా ఉండే చిక్కం కొనండి. అందులో కుక్క నోరు తెరిచి రొప్పగలదు, నీళ్లు తాగగలదు, మీరిచ్చే ముక్క తినగలదు. నోటిని బిగించేసే గుడ్డ రకం ఎక్కువసేపు కూర్చునే చోట పనికిరాదు, ఎందుకంటే కుక్క ఒంటి వేడి ప్రధానంగా రొప్పడం వల్లే తగ్గుతుంది. ఏదైనా సరే, క్లినిక్ గుమ్మంలో మొదటిసారి తొడిగితే కుక్క బెదిరిపోతుంది. కొన్ని రోజుల ముందు నుంచే ఇంట్లో, చిక్కం అడుగున ఏదైనా తినేది పెట్టి, అదంతట అదే మూతి దూర్చేలా అలవాటు చేయండి.

అలాగే పేరు పిలవగానే మీ మొహం వైపు చూడటం నేర్పండి. చూసిన ప్రతిసారీ బఠాణీ గింజంత ట్రీట్ ఇవ్వండి. అక్కడ మీకు పనికొచ్చేది ఈ ఒక్క అలవాటే. ఆపరేషన్ కోసమో, పరగడుపున చేసే రక్తపరీక్ష కోసమో వెళ్తుంటే మాత్రం ట్రీట్ల సంగతి ముందే డాక్టర్ గారిని అడగాలి.

3. గుమ్మం దగ్గర తొందరపడొద్దు

తలుపు తోసుకుని కుక్క ముందు, దాని వెనక మనం: చాలా గొడవలు ఇలాగే మొదలవుతాయి. ఇద్దరు వెళ్తే ఒకరు కుక్కతో బయటే ఉండి, రెండో మనిషి లోపలికెళ్లి పిల్లి ఎక్కడుందో చూసి రావాలి. ఒక్కరే అయితే గుమ్మం నుంచే కౌంటర్‌లోని వాళ్లను పిలిచి అడగండి. వెతికేటప్పుడు నేల మీదే కాదు, పైన కూడా చూడండి. కౌంటర్ మీద, మందుల బీరువా పైన, కిటికీ గట్టు మీద ఉంటుంది అది. బరువు మిషన్ మీద పడుకునే అలవాటుంటే కుక్కను తూకానికి తీసుకెళ్లేముందు సిబ్బంది దాన్ని లేపేదాకా ఆగండి.

ఇప్పుడు మీరు ముందు, కుక్క మీ పక్కన, పిల్లికి అవతలి వైపున ఉండేలా నడవండి. లీష్ పొట్టిగా పట్టుకోండి కానీ బిగించకండి. తాడు బిగిసిందంటే ఏదో ప్రమాదం ఉందని కుక్క అనుకుంటుంది, ఉద్రేకం ఇంకా పెరుగుతుంది. లీష్ చివరి ఉచ్చును బొటనవేలికి తగిలించుకుని పిడికిలి మూయండి. వేళ్లకు చుట్టలు చుట్టుకుంటే గట్టి గుంజుకు వేలు విరగొచ్చు.

కూర్చోవడానికి గోడ మూల వెతుక్కోండి, కౌంటర్‌కు దూరంగా. కుక్కకూ హాలుకూ మధ్య మీ కాళ్లు అడ్డుంటే ఇంకా మంచిది. ఫోన్ జేబులో పెట్టేయండి.

4. కుక్క మొహం చదవండి

మొరిగే కుక్కను చూసి అందరూ కంగారుపడతారు. నేనైతే మాట్లాడకుండా బిగుసుకుపోయిన కుక్కను చూసి కంగారుపడతాను. నోరు మూసుకుంది, చెవులు ముందుకు నిక్కాయి, బరువంతా ముందుకాళ్ల మీదికి వచ్చింది, చూపు పిల్లి మీద అతుక్కుపోయింది, పేరు పిలిచినా తిరగట్లేదు, ఇష్టమైన ముక్క మూతి ముందు పెట్టినా వాసన చూడట్లేదు. ఇది ఉరకడానికి సిద్ధమైన కుక్క. తోక ఊపుతోంది కదా అని మోసపోవద్దు. తోక ఊపడం స్నేహానికే కాదు, ఉద్రేకానికీ గుర్తే.

అప్పుడు తిట్టొద్దు, కొట్టొద్దు. పిల్లి కనిపించినప్పుడల్లా తిట్లు పడితే కుక్కకు పిల్లి మీద కోపమే పెరుగుతుంది. మీరు లేచి, పిల్లికి వీపు తిప్పి, కుక్కతో సహా దూరంగా నడవండి. అది మళ్లీ మీ మాట వినేంత దూరం జరగాలి. అవసరమైతే బయటికే వెళ్లిపోండి, వంతు వచ్చినప్పుడు పిలవమని చెప్పండి.

కుక్క పిల్లిని చూసి, తనంతట తనే తల తిప్పి మీ వైపు చూసిందనుకోండి. ఆలస్యం చేయకుండా ట్రీట్ ఇవ్వండి. మళ్లీ చూసి మళ్లీ తిరిగితే మళ్లీ ఇవ్వండి. కాసేపటికి పిల్లి కనపడగానే మీ చేతి వైపు చూడటం మొదలుపెడుతుంది. కొన్ని కుక్కల విషయంలో ఇది ఒక్క పూటలో రాదు, అందుకని నిరుత్సాహపడక్కర్లేదు.

5. పిల్లే మీ దగ్గరికి వస్తే

వస్తుంది. క్లినిక్ పిల్లుల తీరే అంత. తోక నిటారుగా పెట్టి వస్తుంటే అది హాయిగా ఉన్నట్టు. చెవులు వెనక్కి అణిచి, తోక ఉబ్బించి, బుసకొడుతుంటే పంజా విసరడానికి సిద్ధమని అర్థం. రెండు సందర్భాల్లోనూ మూతీ మూతీ ఆనించి పరిచయాలు చేయించే సరదా వద్దు.

ఉష్ ఉష్ అని అదిలించకండి. పిల్లి పరుగెత్తితే కుక్క వెంట పడుతుంది. ఎత్తుకుని పక్కన పెడదామని కూడా చూడకండి. బెదిరిన పిల్లి ఎదురుగా ఉన్న కుక్కను వదిలి, పట్టుకున్న చేతినే కొరుకుతుంది. పిల్లి కాటు పైకి సూదిపోటంతే కనిపించినా లోతుగా దిగుతుంది. దాని నోట్లో ఉండే పాశ్చురెల్లా లాంటి బ్యాక్టీరియా వల్ల గంటల్లోనే చెయ్యి వాచిపోవచ్చు. కరిస్తే ధారగా పడే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు మనుషుల డాక్టర్‌కు చూపించుకోండి. అసలు పిల్లిని తీయడం సిబ్బంది పని. ‘కాస్త దీన్ని తీస్తారా’ అని అడగండి.

6. మీరు తెచ్చింది పిల్లిని అయితే

బుట్టను నేల మీద పెట్టకండి, కుర్చీ మీదో ఒళ్లోనో పెట్టుకుని పైన పల్చటి గుడ్డ కప్పండి. కుక్కలే కాదు, బుట్ట చుట్టూ వాసన చూస్తూ తిరిగే ఆ క్లినిక్ పిల్లి కూడా మీ పిల్లికి శత్రువే. అమెరికాలో పిల్లుల వైద్యుల సంఘం 2012లో ‘క్యాట్ ఫ్రెండ్లీ ప్రాక్టీస్’ అనే పద్ధతి మొదలుపెట్టింది. వెయిటింగ్ హాల్‌లో పిల్లులను కుక్కలకు దూరంగా ఉంచడం అందులో ముఖ్యమైన విషయం. అంత వీలు లేని చోట ఖాళీగా ఉన్న గది ఏదైనా ఇవ్వమని అడగొచ్చు.

టీకాలు పూర్తికాని కుక్కపిల్లనైనా, పిల్లిపిల్లనైనా ఆ నేల మీద దింపొద్దు. వాంతులు, విరేచనాలతో ప్రాణం తీయగల పార్వో వైరస్ నెలల తరబడి బతికి ఉంటుంది, కుక్కల పార్వోలో కొన్ని రకాలు పిల్లులకూ సోకుతాయి. రోజంతా ఆ నేల మీదే తిరిగే క్లినిక్ పిల్లికి టీకాలు తప్పనిసరి. కుక్కలు చొరబడలేని ఒక చోటు కూడా దానికి ఉండాలి. అది లేకుండా పిల్లిని హాల్లో వదిలేసే క్లినిక్ నాకు నచ్చదు, అది ఎంత మంచి పిల్లి అయినా సరే.

7. బిల్లు కట్టేటప్పుడు

లోపలికి వచ్చేటప్పుడు ఉన్న జాగ్రత్త బయటికి వెళ్లేటప్పుడు ఉండదు. ఒక చేత్తో మందుల కవరు, ఇంకో చేత్తో డబ్బులు, లీష్ ఏ మోచేతికో వేలాడుతూ ఉంటుంది. పిల్లి ఉండేదేమో ఆ కౌంటర్ మీదే. కుక్కను వేరేవాళ్లతో బయటికి పంపి ఆ తర్వాత కట్టండి. ఒక్కరే ఉంటే ముందే కట్టేస్తామని అడగండి, లేదా పరీక్ష గదిలోనే బిల్లు తీసుకోమనండి.

8. అయినా గొడవ జరిగితే

మధ్యలో చెయ్యి పెట్టకండి. రెండింటి మీదా తువ్వాలు వేయడం, వాటి మధ్య కుర్చీ లాంటిది అడ్డం పెట్టడం పనిచేస్తాయి. కుక్క అప్పటికే పిల్లిని నోట కరుచుకుంటే లీష్ పట్టి గుంజొద్దు, గాయం ఇంకా చీరుకుపోతుంది. సిబ్బందిని కేకేయండి. తర్వాత పిల్లి మామూలుగా నడుస్తున్నా డాక్టర్ చూడాల్సిందే, పంటిగాట్లు బొచ్చు కింద కనపడవు.

మీ కుక్కకు ముక్కు మీద గీత పడితే పెద్ద విషయం కాదు, శుభ్రం చేయిస్తే చాలు. కన్ను ముఖ్యం. ఒక కన్ను మూస్తూ తెరుస్తూ ఉన్నా, నీరు కారుతున్నా, కాలితో రుద్దుకుంటున్నా కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) మీద గీత పడి ఉండొచ్చు. పగ్, షిట్జూ లాంటి పొట్టి ముక్కు, పెద్ద కళ్ల కుక్కలకు ఈ ప్రమాదం ఎక్కువ. కంట్లో రంగు చుక్క వేసి ప్రత్యేకమైన లైట్ కింద చూస్తే గీత పచ్చగా మెరుస్తుంది, కొద్ది నిమిషాల పరీక్ష. ఇంట్లో మిగిలిన కంటి చుక్కలు మాత్రం వేయకండి. స్టెరాయిడ్ ఉన్న చుక్కలు అలాంటి గాయాన్ని పుండుగా మార్చేస్తాయి. మీరు ఎలాగూ క్లినిక్‌లోనే ఉన్నారు కాబట్టి, బయల్దేరే ముందే చెప్పి ఆ కన్ను చూపించండి.