పాతకాలం ఊరు కల్పించాలంటే ముందు చెరువు గీయండి

కథకో గేమ్‌కో పాతకాలం ఊరు కావాలంటే చాలామంది ముందు కోట గీస్తారు. తర్వాత ఒక సత్రం, ఒక కొలిమి, గడ్డం ముసలాయన నడిపే మూలికల కొట్టు. అదంతా ఇంగ్లీషు గేముల సరుకు. మా ఆదివారం బ్యాచ్ తలా ఒక పాత్ర వేసుకుని ఆడే కథలకు ఊళ్లు అల్లేది నేనే. నేను కాకతీయుల కాలం తీసుకుంటాను, చెరువుతో మొదలుపెడతాను. అలా అల్లిన ఊరు తూములపల్లి. చెరువుకట్ట కింద మాగాణి, అది దాటితే గుడి, గుడి ముందు అంగడి వీధి. కోట ఎక్కడుందో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

తర్వాత ప్రతి పనివాడి గురించీ ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇతనికి ఎవరు, ఎప్పుడు, ఏమిస్తారు? అప్పటి పల్లెలో కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి పనిపనికీ డబ్బు పుచ్చుకోరు. పంట నూర్చాక కళ్లంలో తమ వంతు గింజలు కొలిపించుకుంటారు. ఈ ఒక్క సంగతితో కథ ఎలా మారుతుందో చూడండి. మా వీరుడు విరిగిన కత్తి పట్టుకుని, మొలలో రూకల సంచితో కొలిమికి వెళ్లాడు. కమ్మరి తల కూడా ఎత్తలేదు. "తొలకరి పడిందయ్యా. ఊళ్లో నాగలి కర్రులన్నీ సాగగొట్టాక నీ కత్తి చూస్తా." డబ్బు చూపించినా లాభం లేదు, అతనికి ఏడాది తిండి పెట్టేది రైతులు. వీరుడు చివరికి ఊరిపెద్ద రెడ్డిగారి కాళ్లావేళ్లా పడాల్సి వచ్చింది.

రొక్కం కళ్లజూసేది అంగడి వీధిలో. తెలికివాళ్ల గానుగ, సాలెల బట్టలు, అగసాలె (కంసాలి) కొట్టు. బయటి సరుకు పెరిక ఎద్దుల మీద, అంటే మూటలు మోసే ఎద్దుల మీద వస్తుంది, ఊరి మొదట్లో సుంకరి ఆపుతాడు. సుంకం ఎంతో ముందే రాసిపెట్టుకోండి, బేరాలూ దొంగరవాణా వాటంతటవే పుట్టుకొస్తాయి. రేవు పట్నమైతే లెక్క దొరుకుతుంది: 1244 నాటి మోటుపల్లి శాసనంలో కాకతీయ రాజు గణపతిదేవుడు ఎగుమతి దిగుమతుల మీద ముప్పైకి ఒక వంతు సుంకం పెట్టాడు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారు, తాను మాత్రం ఆ సుంకం తప్ప ముట్టుకోనని అభయమిచ్చాడు. ఆ మాట తప్పే అధికారి ఒకడుంటే మీకు విలన్ దొరికినట్టే.

గుడిని బొమ్మలా వదిలేయకండి. అఖండదీపానికి దాత గొర్రెల మందను గొల్లవాడికి అప్పగిస్తాడు, అతను రోజూ ఇంత నెయ్యి గుడికి పోయాలి. మంద రోగంతో చస్తే నెయ్యి ఎవరు పోయాలి? మా బ్యాచ్ ఈ తగువు మీద రెండు వారాలు కొట్టుకుంది.

ధరలన్నీ కట్టక్కర్లేదు, ఒక్క భోజనం ధర చాలు. క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో ఓరుగల్లు పూటకూళ్లింట్లో ఒక్క రూకకు సన్నబియ్యం అన్నం, గోధుమ పిండివంట, పంచదార, కొత్తగా కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నంజుకునేవి, గడ్డపెరుగు పెడతారు. మిగతావన్నీ దాన్ని బట్టి అంచనా వేసుకోండి.

ఆ విస్తట్లో మిరపకాయ మాత్రం వేయకండి. టమాటా, బంగాళదుంప, వేరుశనగ, పొగాకు కూడా అప్పటికి మన దేశానికి రాలేదు. వంకాయ, కంద, చింతపండు హాయిగా వాడుకోవచ్చు. కారానికి మిరియాలు వేయండి. అవీ పెరిక ఎద్దుల మీదే వస్తాయి కాబట్టి వాటికీ సుంకం కట్టించండి.