డ్రైవర్‌తో కొడితే బంతి కుడికి వంకరపోతోందా? గ్రిప్ మార్చే ముందు భుజాలు చూసుకోండి

గోల్ఫ్ మొదలుపెట్టి మూడు నాలుగు నెలలైనవాళ్లు రేంజ్‌లో (బంతులు కొట్టి సాధన చేసే మైదానంలో) నాతో చెప్పుకునే బాధ దాదాపు ఎప్పుడూ ఒకటే. మధ్య దూరాలకి వాడే సెవెన్ ఐరన్ క్లబ్‌తో (గోల్ఫ్ కర్రతో) ఏదో నడిచిపోతోంది, అన్నిటికంటే దూరం కొట్టే డ్రైవర్ క్లబ్ తీస్తే మాత్రం బంతి గాల్లో అరటిపండులా వంగి కుడివైపు చెట్లలో పడుతోంది. అదే స్లైస్. నా దగ్గరికి వచ్చేసరికే వీళ్లు వీడియోలు చూసి గ్రిప్, అంటే క్లబ్ పట్టుకునే తీరు, రెండుసార్లు మార్చి ఉంటారు, కొందరు డ్రైవర్ కూడా మార్చేసి ఉంటారు. రెండు నిమిషాల్లో అయిపోయే పరీక్ష మాత్రం ఎవరూ చేసి ఉండరు. ఇదంతా కుడిచేతి వాటం వాళ్లకి రాస్తున్నాను. ఎడమచేతి వాటం వాళ్లు దిక్కులు తిప్పి చదువుకోండి.

ముందు చూడాల్సింది: బంతి ఎటు బయల్దేరింది?

అందరూ బంతి ఎక్కడ పడిందో చూస్తారు. ముందు చూడాల్సింది అది ఎటు బయల్దేరిందో. బంతి బయల్దేరే దిక్కుని ఎక్కువగా నిర్ణయించేది, తగిలిన క్షణంలో క్లబ్ ముఖం (బంతికి తగిలే పలక) ఎటు చూస్తోందన్నది. ఆ తర్వాత వచ్చే వంపు, ముఖానికీ క్లబ్ వచ్చిన దారికీ మధ్య ఉన్న తేడా వల్ల వస్తుంది.

బంతి మొదటినుంచే లక్ష్యానికి కుడిగా వెళ్లి ఇంకా కుడికి తిరిగితే ముఖం తెరుచుకుని, అంటే కుడికి తిరిగి ఉంది. అప్పుడు గ్రిప్ చూడటం న్యాయమే. ఎడమచెయ్యి పైనుంచి చూస్తే రెండు మూడు కణుపులు కనిపించాలి, రెండు చేతుల్లోనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గీత కుడి భుజం వైపు చూపించాలి. అంతకంటే పెద్ద రహస్యం లేదు.

లక్ష్యానికి ఎడమగా బయల్దేరి, తర్వాత కుడికి తిరిగిపోతోందా? కొత్తవాళ్లలో నేను ఎక్కువగా చూసేది ఇదే. ఇక్కడ క్లబ్ వచ్చిన దారి తప్పింది. బయటినుంచి లోపలికి, అంటే శరీరానికి దూరంగా మొదలై బంతిని దాటి ఎడమవైపుకి లాగుతోంది.

దీనికి ఇంకో ఆనవాలు ఉంది. దగ్గరి దూరాలకి వాడే మీ వెడ్జ్, నైన్ ఐరన్ క్లబ్‌ల బంతులు వంపు లేకుండా నేరుగా ఎడమకి పోతున్నాయా? డ్రైవర్ కుడికి, వెడ్జ్ ఎడమకి పోతుంటే రెండు వేర్వేరు జబ్బులనుకుంటారు. రెండూ ఒకటే. వెడ్జ్‌కి ముఖం బాగా వాలి ఉంటుంది కాబట్టి పక్క వంపు తక్కువ, దారి తప్పింది మాత్రమే కనిపిస్తుంది. నిటారు ముఖమున్న డ్రైవర్‌తో వంపు పూర్తిగా బయటపడుతుంది.

కింద క్లబ్ పెట్టి చూశారా?

లక్ష్యం వైపు గీత గీసినట్టుగా ఒక క్లబ్‌ని కాలివేళ్ల ముందు నేలమీద పెట్టండి. రేంజ్‌లో మ్యాట్ (బంతి పెట్టి కొట్టే చాప) అంచుని నమ్ముకోవద్దు. మ్యాట్ రేంజ్ మధ్యకి చూస్తుంటుంది, మీరు మూలనున్న జెండాకి కొడుతుంటారు. కోర్సులో టీ బాక్సు (మొదటి దెబ్బ కొట్టే చోటు) కూడా అంతే, అది చూసే దిక్కు ఫెయిర్‌వే (బంతి పడాల్సిన కత్తిరించిన గడ్డి దారి) మధ్యకే ఉండాలని ఏమీ లేదు. గోల్కొండ దగ్గరి కోర్సైనా, గచ్చిబౌలి రాళ్ల మధ్య కోర్సైనా మీ గీత మీరే పెట్టుకోవాలి. ఇది చేయకుండా స్వింగ్ గురించి నన్ను అడగొద్దని గట్టిగా చెబుతాను. అయినా పదిమందిలో ఒకరు కూడా చేయరు.

నన్ను బాగా దెబ్బ తీసిన కారణం: పాదాలు సరిగ్గానే ఉంటాయి, భుజాలు ఉండవు

నేల మీద క్లబ్ పెట్టాం, పాదాలు దానికి సమాంతరంగా ఉన్నాయి. అందరూ "అలైన్‌మెంట్ (నిలబడిన దిక్కు) సరే" అని ముందుకు వెళ్లిపోతారు. నేను కూడా ఏళ్ల తరబడి అలాగే వెళ్లాను. క్రికెట్ బాగా ఆడి గోల్ఫ్‌కి వచ్చిన ఒక కుర్రాడికి స్లైస్ తగ్గించడానికి గ్రిప్ "బలంగా", అంటే క్లబ్ మీద చేతుల్ని ఇంకాస్త కుడికి తిప్పి పట్టుకునేలా మార్చాను. డ్రైవర్ కాస్త నిలకడపడింది. అంతలోనే ఐరన్లన్నీ ఎడమకి లాగడం మొదలుపెట్టాయి. దాన్ని ఆపడానికి ఇంకోటి, దాన్ని ఆపడానికి మరోటి. రెండు నెలలు పోయాయి. ఒకరోజు అతని వెనక, లక్ష్యం గీత మీద నిలబడి చూశాను. పాదాలు గీత మీద ఉన్నాయి, భుజాలు మాత్రం ఎడమవైపు ఇరవై అడుగుల దూరంలో ఉన్న స్తంభాన్ని చూస్తున్నాయి. క్లబ్ భుజాలు చూపించిన దారినే వెళ్తుంది, పాదాల మాట అంతగా వినదు. ఆ కుర్రాడి రెండు నెలలు నా వల్ల పోయాయన్నది ఇప్పటికీ బాధే.

భుజాలు తెలియకుండా ఎందుకు తెరుచుకుంటాయో (అంటే లక్ష్యానికి ఎడమకి తిరుగుతాయో) తెలిస్తే మళ్లీ మళ్లీ మోసపోరు.

మొదటిది, గ్రిప్ మీద కుడిచెయ్యి ఎడమచేతికి కిందుగా ఉంటుంది. అది అందుకోడానికి కుడి భుజం కిందికి వాలాలి. కొత్తవాళ్లు వాల్చరు, ముందుకు తోస్తారు. తోసిన మరుక్షణం భుజాలు ఎడమకి తిరుగుతాయి.

రెండోది బంతి చోటు. డ్రైవర్‌కి బంతి ఎడమ మడమ లోపలి అంచుకి ఎదురుగా ఉండాలి. "ముందుకి పెట్టు" అని ఎవరో చెప్పినది విని ఎడమ బొటనవేలు దాటించేస్తారు. అంత దూరం అందుకోవాలంటే భుజం తెరవక తప్పదు. పైగా స్వింగ్ ఒక వలయం కదా. అంత ముందున్న బంతి దగ్గరికి వచ్చేసరికి క్లబ్ అప్పటికే లోపలికి, ఎడమకి తిరిగిపోతుంటుంది. ఒకే తప్పు రెండు వైపులనుంచి కొడుతుంది.

మూడోది చూపు. అంతా సరిగ్గా నిలబడి, చివరగా లక్ష్యాన్ని చూద్దామని ఛాతీతో సహా తల ఎత్తుతారు. మళ్లీ కిందికి చూసినప్పుడు భుజం వెనక్కి రాదు. తల ఎత్తకుండా, గడ్డం పక్కకి దొర్లించినట్టుగా తిప్పి చూడాలి.

వీటన్నిటి మీదా ఒక ఉచ్చు ఉంది. బంతి కుడికి పోతోందని మనసు ఎడమకి గురిపెట్టమంటుంది. గురి ఎడమకి జరిగితే భుజాలు ఇంకా తెరుచుకుంటాయి, దారి ఇంకా అడ్డంగా కోస్తుంది, స్లైస్ ఇంకా పెద్దదవుతుంది. అప్పుడు ఇంకాస్త ఎడమకి గురి. పక్క ఫెయిర్‌వే వైపు నిలబడి తమ ఫెయిర్‌వేకి కొట్టాలని చూసేవాళ్లని చాలామందిని చూశాను.

ఎలా పట్టుకోవాలి

ఫోన్‌ని మీ కుడిపక్క, అంటే లక్ష్యానికి వ్యతిరేక దిక్కులో, లక్ష్యం గీత మీద, నడుం ఎత్తులో పెట్టి బంతి ముందు నిలబడిన భంగిమ మాత్రం తీయండి. స్వింగ్ అక్కర్లేదు. కుడి ముంజేయి పైకి వచ్చి ఎడమ ముంజేతిని పూర్తిగా దాచేస్తే భుజాలు తెరుచుకున్నాయి. ఎడమ ముంజేయి కుడిదాని అవతల కాస్త కనిపించాలి. తోడు ఎవరైనా ఉంటే, మీరు నిలబడ్డాక ఒక క్లబ్‌ని మీ రెండు భుజాలకీ ఆనించి పట్టుకోమనండి. అది ఎటు చూపిస్తోందో మీరే పక్కకి వచ్చి చూడండి.

సరిచేయడం

రెండు పాదాలూ కలిపి బంతికి ఎదురుగా నిలబడండి. ఎడమ పాదం కొంచెం మాత్రం జరపండి, కుడి పాదం మిగతా వెడల్పంతా జరపండి. డ్రైవర్‌కి బంతి ఉండాల్సిన చోటికి అదే వచ్చేస్తుంది. ఎడమచేత్తో క్లబ్ పట్టుకోండి. కుడి మోచేతిని పక్కటెముకల దగ్గరే ఉంచి, కుడిచేతిని కిందినుంచి తీసుకొచ్చి గ్రిప్ మీద పెట్టండి. పైనుంచి వేయకండి. అలా తెస్తే కుడి భుజం దానంతటదే ఎడమ భుజం కంటే కిందికి దిగుతుంది.

ఇప్పుడొక మాట గట్టిగా చెప్పాలి. ఇలా నిలబడితే కుడివైపు చెట్లకి గురిపెట్టినట్టు అనిపిస్తుంది. చాలామంది సరిగ్గా ఇక్కడే భయపడి పాత చోటికి వెళ్లిపోతారు. నమ్మండి. మొదటి పది పదిహేను బంతులు నిజంగానే కుడికి పోవచ్చు, ఎందుకంటే అడ్డంగా కోసే దారికి అలవాటుపడిన చేతులు ముఖాన్ని ఇంకా తెరిచే పట్టుకుంటాయి. దారి సరిపడ్డాక కూడా బంతి కుడికే బయల్దేరుతుంటే అప్పుడు గ్రిప్ ముట్టుకోండి. ఈ వరస తిరగబడితే నేను పోగొట్టిన రెండు నెలలు మీరూ పోగొట్టుకుంటారు.

క్రికెట్ నుంచి వచ్చినవాళ్లకి ప్రత్యేకంగా ఒకటి. స్ట్రెయిట్ డ్రైవ్‌లో బ్యాట్ ముఖాన్ని బౌలర్ వైపే చివరిదాకా పట్టి ఉంచడం మనకి చిన్నప్పటినుంచి ఉన్న అలవాటు. గోల్ఫ్‌లో అలా పట్టి ఉంచితే ముఖం మూసుకోదు. బంతి తగిలాక కుడి ముంజేయి ఎడమ ముంజేతి మీదికి దొర్లనివ్వాలి. సగం స్వింగుతో, సెవెన్ ఐరన్‌తో సాధన చేయండి.

మిగతావి

బంతి పైభాగానికి తగిలి నేలమీద పాకుతోందంటే "తల ఎత్తావు" అంటారు. చాలాసార్లు కారణం తల కాదు, బంతిని చేతులతో పైకి లేపాలని చూడటం. క్లబ్ ముఖంలో ఉన్న వాలే బంతిని లేపుతుంది.

మ్యాట్ మీద అన్నీ బాగా తగిలి, గడ్డి మీద మాత్రం మట్టి తవ్వుతున్నారా? మ్యాట్ మీద క్లబ్ వెనకనే తగిలినా జారి బంతిని చేరుకుంటుంది, తప్పు కనిపించదు. బంతి వెనక నాలుగు అంగుళాల దూరంలో తువ్వాలు పరిచి, దానికి తగలకుండా కొట్టండి.

షాంక్ వస్తే, అంటే బంతి క్లబ్ ముఖానికి కాక కర్ర అతుకు దగ్గర తగిలి పక్కకి ఎగిరిపోతే, బరువు కాలివేళ్ల మీదికి వెళ్తోందేమో చూడండి.

ఇంకా మిగిలేవి అరుదు. డ్రైవర్ ముఖంలో బంతి మడమవైపు (కర్ర అతుక్కున్న అంచువైపు) తగిలినా కుడి వంపు వస్తుంది. బంతి వెనక వైట్‌బోర్డ్ మార్కర్‌తో చుక్క పెట్టి కొడితే ముఖం మీద ఎక్కడ అంటుకుందో తెలుస్తుంది. షాఫ్ట్ (క్లబ్ కర్ర) గట్టిదనం, లై యాంగిల్ (కర్ర నేలకి వాలే కోణం), బంతి బ్రాండు గురించి ఈ దశలో ఆలోచించాల్సిన పని లేదు. క్లబ్ పిడికి ఉండే గ్రిప్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే మాత్రం మార్పించుకోండి, మన ఎండల్లో చెమటచేతులతో అది నిజంగానే జారుతుంది.