ఎండాకాలంలో చిన్న రైలింజన్ ఛాసిస్ కడుతున్నారా? రేకు కోయకముందే ఇవి చూసుకోండి

ఏప్రిల్ వచ్చిందంటే మా కాజీపేట ఇంట్లో రెండు పనులు మొదలవుతాయి. కింద అమ్మ మామిడికాయ తొక్కు పెడుతుంది. పైగదిలో నేను ఇత్తడి రేకు బయటికి తీస్తాను. తొక్కు జాడీ దగ్గరికి తడి చేత్తో ఎవరు పోయినా అమ్మ కేకలేస్తుంది. ఒక్క చుక్క తగిలినా జాడీ అంతా బూజు పడుతుందని ఆమె భయం. ఇన్నేళ్లలో మోడల్ రైలింజన్ ఛాసిస్‌ల (చక్రాలు, మోటారు బిగించే కింది చట్రాల) దగ్గర నాకు జరిగిన నష్టాలు లెక్కేసుకుంటే సగానికి పైగా ఆ తడి చెయ్యి లాంటివే. ఆకురాయి పెట్టిన రజను మోటార్లోకి పోయింది. టంకం మందు (అతుకు పట్టడానికి రాసే ఫ్లక్స్) ఇరుసుకి అంటుకుంది. సీసం అంటిన వేళ్లతోనే మిర్చి బజ్జీ తిన్నాను. ఒక పని మురికి ఇంకో పనిలో కలిసింది, అంతే.

రెడీమేడ్ ఇంజన్ కొని పట్టాల మీద తిప్పడం వేరు. రేకు కోసి, బెజ్జాలు వేసి, చక్రాలెక్కించి, మోటారు బిగించి దాన్ని కదిలించడం వేరు. ఇందులో రంపం, డ్రిల్లు, 300 డిగ్రీలు దాటే సోల్డరింగ్ ఐరన్, యాసిడ్, కరెంటు అన్నీ ఒకే టేబుల్ మీదికొస్తాయి. సెలవులు కదా అని ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. మన ఎండలు కూడా ఇప్పుడే.

ముందు లెక్క, తర్వాత వేళ

గాయం కాని నష్టం ఒకటుంది, దాన్ని ముందే చెప్పేస్తాను. మన బ్రాడ్‌గేజ్, అంటే పట్టాల మధ్య దూరం, 1676 మి.మీ. మోడల్ రైళ్లకు వాడే హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87లో అది 19.3 మి.మీ. అవుతుంది. కానీ మార్కెట్లో దొరికే హెచ్‌ఓ పట్టాలు, చక్రాలు 16.5 మి.మీ.వి. ఏ కొలతకు కడుతున్నారో రేకు ముట్టుకోకముందే తేల్చుకోండి. ఫ్రేముల (ఛాసిస్‌కి రెండు పక్కలా నిలబడే రేకుల) మధ్య వెడల్పు, ఇరుసు పొడవు అన్నీ దాని మీదే ఆధారపడతాయి. నేను 16.5తోనే సర్దుకున్నాను. పక్కనుంచి చూస్తే తేడా తెలియదు, ఎదురుగా చూస్తే ఇంజన్ కొంచెం కాళ్లు దగ్గరపెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది.

ఇక వేళ. ఇక్కడ మే నెల మధ్యాహ్నం 43, 44 డిగ్రీలు కొత్త కాదు. ఫ్యాన్ వేస్తే టంకం అతుకు చల్లబడిపోతుంది, పొగ తిరిగి మొహం మీదికే కొడుతుంది. ఫ్యాన్ ఆపితే చెమట. ఆ చెమట చుక్క ఉక్కు ఇరుసు మీద పడితే తెల్లారేసరికి గోధుమరంగు మచ్చ. కూలరైతే మరీ అన్యాయం, గదంతా తేమ. అందుకే వేడి పని తెల్లవారుజామున 5:30 నుంచి 8:30 లోపు, కిటికీలు తెరిచి చేస్తాను. కోయడం, ఆకురాయి పెట్టడం సాయంత్రం. పగలంతా ఏమీ ముట్టుకోను, కొలతలు రాసుకుంటాను.

కరెంటు పోతే మొదట చేయాల్సింది సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పీకడం. కరెంటు పోయిందని టీకి కిందికి దిగుతాం, కబుర్లలో పడతాం. కరెంటు వస్తుంది. పైన కాగితాల పక్కన ఐరన్ ఎర్రగా కాలుతూ ఉంటుంది. మా టేబుల్ మీద అరచేయంత నల్ల మచ్చ అలా వచ్చిందే. చీకట్లో కొవ్వొత్తి వెలిగించుకుని ఎసిటోన్, పెట్రోల్, స్పిరిట్‌లతో ముక్కలు తుడవకండి. వాటి ఆవిరి కనిపించకుండా టేబుల్ మీద పాకి మంట దాకా పోతుంది.

త్రీడీ ప్రింట్ చేయించుకున్న ముక్కలు ఉంటే వాటిని బైక్ డిక్కీలో, ఎండలో నిలిపిన కార్లో వదలకండి. పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది.

రేకు, రంపం, డ్రిల్లు

షాపులో రేకు గేజ్‌లలో అడగాలి. 24 గేజ్ అంటే సుమారు 0.56 మి.మీ., 26 అంటే 0.46. ఫ్రేములకి ఇత్తడైనా, జర్మన్ సిల్వరైనా పర్వాలేదు. జర్మన్ సిల్వర్‌లో వెండి చుక్క కూడా ఉండదు, రాగి, నికెల్, జింకు అంతే. పెంబర్తి పనివాళ్లు నగిషీ తేలడానికి రేకుని కాల్చి మెత్తబరుస్తారు. మనకి కావాల్సింది దానికి తలకిందులు. మెత్తటి రేకుతో ఫ్రేము కడితే మొదటిసారి కింద పడ్డప్పుడే వంగుతుంది. గట్టి రేకే అడగండి. తెచ్చిన వెంటనే అంచులకు ఆకురాయి పెట్టండి, కొత్త రేకు అంచు బ్లేడుతో సమానం. ఆ ఆకురాయికి పిడి ఉండాలి. పిడి లేని ఆకురాయి తోక అరచేతిలో దిగుతుంది.

రెండు ఫ్రేములూ వేర్వేరుగా కోయకండి. రెండు రేకు ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి అంచుల్లో టంకం చుక్కలతో అతికించి, కలిపి కోసి, కలిపి బెజ్జాలు వేయండి. అలా అయితేనే ఇరుసులు రెండు వైపులా ఎదురెదురుగా పడతాయి. కంసాలి రంపానికి 4/0 బ్లేడు చాలు. రేకు మందంలో కనీసం రెండు పళ్లు పడాలి, లేకపోతే పళ్లు పట్టేసి విరుగుతాయి. పళ్లు కిందికి చూడాలి, కోత కిందికి లాగినప్పుడే పడాలి. బ్లేడుకి కొంచెం మైనం రాయండి. విరగడం ఎలాగూ విరుగుతుంది, డజన్ల లెక్కన. విరిగిన ముక్క సూటిగా కంటికే వస్తుందనుకుని కూర్చోండి. నా చూపు కళ్లద్దాలు చాలవని ఒకసారి పక్కనుంచి దూరిన ముక్క నేర్పింది. వెల్డింగ్ సామాన్ల షాపులో దొరికే, పక్కలు మూసి ఉండే తెల్ల కళ్లద్దాలు పెట్టుకోండి.

డ్రిల్లు దగ్గర అసలు ప్రమాదం బెజ్జం అవతలికి తేలే క్షణంలో ఉంది. ఇత్తడి అప్పటిదాకా మెత్తగా తెగి, చివర్లో ఒక్కసారిగా బిట్టుని పట్టేసుకుంటుంది. చేత్తో పట్టుకున్న రేకు ఫ్యాన్ రెక్కలా తిరుగుతుంది. నా బొటనవేలి కింద రెండు కుట్లు దాని గుర్తే. రేకుని చెక్క దిమ్మకి బిగించాలి, చేత్తో పట్టుకోకూడదు. ఇత్తడికి వాడే బిట్టు కోసే అంచుని సానరాయి మీద ఒక్క రెండు రుద్దులు రుద్ది మొండి చేస్తే అది రేకులోకి దూకదు. చేతికి గ్లౌజులు వద్దు, తిరిగే బిట్టు వాటిని చుట్టేసుకుంటుంది. చున్నీ, పొడుగు చేతుల చొక్కా, విప్పిన జుట్టు కూడా అంతే. ఇరుసు బెజ్జం చిన్న బిట్టుతో వేసి, రీమర్‌తో కొద్దికొద్దిగా పెంచుకోండి.

చిన్న గ్రైండర్‌కి పెట్టే సన్నటి కటింగ్ డిస్క్ గురించి ఒక్క మాట: దాన్ని అడ్డంగా వంచితే పగిలి ముక్కలవుతుంది. ఆ ముక్కలు ఎగిరే దారిలో మీ మొహం పెట్టకండి.

టంకం, మందు, సీసం

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా.

60/40 టంకంలో 40 పాళ్లు సీసం. 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. ఆ వేడికి సీసం ఆవిరి పెద్దగా లేవదు. పొగ వచ్చేది మందు నుంచి. రెజిన్ మందు పొగ కొందరికి ఆయాసం తెస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లకి మరీ. సీసం మాత్రం వేళ్ల నుంచి నోట్లోకి పోతుంది. రెండు చేతులూ నిండి ఉన్నాయని టంకం తీగ పళ్ల మధ్య పట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను, ఒకప్పుడు నేనూ అంతే. వద్దు. పైగదికి తిండి, టీ గ్లాసు, నీళ్ల సీసా తేకండి. లేచాక సబ్బుతో చేతులు కడిగాకే తొక్కన్నం. ఆ చొక్కా పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

అతికే చోటు శుభ్రంగా లేకపోతే టంకం పూసలా దొర్లిపోతుంది. అప్పుడు మనం ఇంకా వేడి పెడతాం, ఇంకా మందు పోస్తాం, అంతా గందరగోళం. ఇంట్లో ఇత్తడి బిందెలు తోమినట్టే చింతపండుతో రుద్దండి, బాగా కడిగి, ఆరబెట్టండి. షాపులో కొన్నవాటికంటే నాకు ఇదే నచ్చింది. తర్వాత ఫాస్ఫారిక్ యాసిడ్ మందు ఒక్క చుక్క. వేడి తగలగానే అది చిట్లుతుంది, కళ్లద్దాలు తీయకూడదు. పక్కన ఒక గిన్నెలో నీళ్లు ఉంచండి, కంట్లో పడితే కుళాయి దగ్గరికి పరుగెత్తి చాలాసేపు కడగాలి, తర్వాత డాక్టరు.

అతుకు పడగానే పని అయిపోయినట్టు కాదు. ఆ మందు మిగిలితే రాత్రంతా తింటూనే ఉంటుంది. ఒకసారి పొద్దున ఎనిమిదింటికి నాలుగు ఇరుసుల ఫ్రేము అతికించి, సాయంత్రం కడుగుదామని వదిలేశాను. మర్నాడు చూస్తే కొలత కోసం దూర్చిన ఉక్కు కడ్డీలు నాలుగూ తుప్పుతో బేరింగులకు కరుచుకుపోయాయి. అప్పటి నుంచి అతికిన పది నిమిషాల్లో గోరువెచ్చటి నీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మళ్లీ మంచినీళ్లతో కడుగుతాను. ఆ బ్రష్ మీద ఎర్ర దారం కట్టి ఉంటుంది, ఎవరూ పొరపాటున ఎత్తుకోకుండా.

ఇంకో సంగతి. వేడి మీద కొలతలు చూడకండి. 70 మి.మీ. పొడవున్న ఇత్తడి ఫ్రేము 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.13 మి.మీ. సాగుతుంది. చక్రాలను కలిపే రాడ్డు బెజ్జంలో మనం వదిలే సందే దాదాపు అంత. వేడిగా ఉన్నప్పుడు పట్టేసిందని ఆకురాయి పెడితే, చల్లబడ్డాక అది వదులై ఊగుతుంది. ఆ ఛాసిస్‌ని ఇక బాగుచేయలేం, నా దగ్గర ఒకటి అలాగే పెట్టెలో ఉంది.

రాడ్లంటే గుర్తొచ్చింది. మా బాపు డీజిల్ షెడ్డులో ఫిట్టరు. నేను డబ్ల్యూజీ అనే పాత గూడ్స్ ఆవిరింజన్‌కి కూర్చున్నప్పుడు చూసి, "డీజిల్ చేస్కోరాదురా, దానికి రాడ్లే ఉండయ్, ఈ తిప్పలెందుకు నీకు" అన్నాడు. న్యాయమే. డబ్ల్యూజీకి నాలుగు జతల పెద్ద చక్రాలు. 1562 మి.మీ. చక్రం మన స్కేల్లో 18 మి.మీ. కుడివైపు క్రాంకులు (చక్రం మీద రాడ్డు తగిలించే చోట్లు) ఎడమవైపు వాటితో 90 డిగ్రీల తేడాలో ఉండాలి, నాలుగు జతలకూ ఒకేలా. మొదటిసారైతే నాలుగు చక్రాల చిన్న ఇంజన్‌తో మొదలుపెట్టండి. ఏదైనా సరే, రాడ్లు ముందు చేసుకుని వాటి బెజ్జాలనే ఫ్రేముకి కొలతగా పెట్టండి. క్రాంకు పిన్ను మీద వాషర్ అతికేటప్పుడు మధ్యలో నూనెలో తడిపిన పల్చటి కాగితం దూర్చండి, లేకపోతే టంకం పాకి రాడ్డు, చక్రం కలిసిపోతాయి. చక్రం మధ్యభాగం ప్లాస్టిక్ అయితే తడి దూది చుట్టి, ఐరన్ రెండు సెకన్లకు మించి పెట్టకండి.

మోటారు, కరెంటు

మోటారుని కొన్నరోజు జిప్ కవర్‌లో పెట్టి, రంపం, ఆకురాయి పనులన్నీ అయ్యి టేబుల్ తుడిచాకే తీయండి. లోపలి అయస్కాంతం ఇనుప రజనుని మీకు తెలియకుండానే లాక్కుంటుంది. ఇత్తడి రజనుని లాక్కోదు, కానీ అది కమ్యుటేటర్ (మోటారు తిరిగే భాగానికి కరెంటు అందించే రాగి ముక్కలు) సందుల్లో పడితే షార్ట్. మోటారు అమరుతుందో లేదో చూడటానికి అదే కొలతకి చెక్క ముక్క కోసుకుంటే సరిపోతుంది.

వార్మ్ (మోటారు ఇరుసు మీద ఉండే మరలాంటి గేరు), పళ్లచక్రం మరీ బిగువుగా కలిపితే మోటారు కాలుతుంది. మధ్యలో పల్చటి కాగితం ముక్క పెట్టి బిగించి, తర్వాత లాగేయండి, ఆ సందు చాలు. నిష్పత్తి కూడా ముందే లెక్కేయండి. నిమిషానికి 9000 చుట్లు తిరిగే మోటారుకి 30:1 పెడితే చక్రం 300 చుట్లు తిరుగుతుంది. 18 మి.మీ. చక్రం నిమిషానికి 17 మీటర్లు పోతుంది. స్కేల్లో అది గంటకు 88 కి.మీ. గూడ్స్ బండికి అంత ఎందుకు? 40:1 అయితే 66 దగ్గర ఆగుతుంది, మోటారు మీద బరువూ తగ్గుతుంది.

ఇంజన్‌కి పట్టాల నుంచి వచ్చేది 12 వోల్టులే, దాంతో షాక్ కొట్టదు. కానీ గోడ నుంచి వచ్చేది 230. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం సొంతంగా చుట్టకండి, మూత విప్పకండి, మంచిది కొనండి. ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఛాసిస్‌లో ఒక్కో ముక్క బిగించినప్పుడల్లా మల్టీమీటర్‌తో రెండు పట్టాల వైపులూ ముట్టించి చూడండి, బీప్ వస్తే చివరిగా పెట్టిన ముక్క దగ్గరే షార్ట్. అన్నీ బిగించాక వెతికితే ఆదివారమంతా పోతుంది. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మెకానిక్ షాపులో దొరికే 12 వోల్టుల, 5 వాట్ల పార్కింగ్ బల్బు ఒకటి వైరుకి సిరీస్‌లో కలపండి. షార్ట్ ఉంటే బల్బు వెలుగుతుంది, మీ మోటారు, వైర్లు బతుకుతాయి.

ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే గది తాళం వేయండి. చిన్న అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని గోడని నొక్కేస్తాయి. కొలతలు తీసే కాలిపర్‌లో ఉండే బటన్ సెల్లు ఇంకా ప్రమాదం, గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలుస్తుంది. మింగారని అనుమానం వస్తే చాలు, ఎదురుచూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

చివరికి నడిపించే రోజు. పైకప్పు, బాయిలర్ ఏమీ పెట్టకుండా ఉత్త ఛాసిస్‌ని తక్కువ వోల్టేజీలో ముందుకి అరగంట, వెనక్కి అరగంట తిప్పండి. ఐదేసి నిమిషాలకోసారి మోటారు మీద వేలు పెట్టండి. వేలు ఉంచలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపి, రాడ్లు విప్పేసి మళ్లీ తిప్పి చూడండి. ఇప్పుడు చల్లగా తిరిగితే తప్పు రాడ్లలో, ఇంకా కాలుతుంటే వార్మ్ దగ్గర. ఒక చుట్టులో ఒకే చోట తడబడుతుంటే ఏదో ఒక చక్రం క్రాంకు ఆ 90 డిగ్రీల నుంచి కొంచెం పక్కకు జరిగింది. దాన్ని ఒక్క వెంట్రుకవాసి తిప్పి మళ్లీ చూడండి.