అండమాన్ యాత్రకు ప్రణాళిక: ముందు పడవలు, తరువాతే బసలు

అండమాన్ దీవులకు సెలవులలో వెళ్లాలనుకునేవారు సాధారణంగా చూడవలసిన చోట్ల జాబితా రాసుకుని, దానికి తగిన హోటళ్లను వెతికి, చివరగా పడవ టికెట్ల సంగతి ఆలోచిస్తారు. ఈ వరుసను తలకిందులు చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం. అక్కడ ఒక దీవి నుంచి మరొక దీవికి చేరడం సముద్రం మీద, వాతావరణం మీద ఆధారపడి ఉంటుంది కనుక, పడవ నడవని రోజున ముందుగా డబ్బు కట్టిన గది ఎంత మంచిదైనా అక్కరకు రాదు. విమానం తేదీలు ఖాయమైన వెంటనే ఫెర్రీ టికెట్లు, వాటిని బట్టి బస, ఆ తరువాతే చూడవలసినవి అనుకుంటే ప్రణాళిక నిలుస్తుంది.

టికెట్లు వెతికేటప్పుడు పేర్ల విషయంలో తికమక పడకుండా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2018 డిసెంబరులో హావ్‌లాక్ దీవిని స్వరాజ్ ద్వీప్ అని, నీల్ దీవిని షహీద్ ద్వీప్ అని మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ నగరానికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. టికెట్ల మీద పాతదీ కొత్తదీ ఏదైనా కనిపించవచ్చు. వాడుకలో ఉన్న పాత పేర్లనే ఇక్కడ రాస్తున్నాను.

డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు సముద్రం శాంతంగా, నీరు తేటగా ఉంటాయి. తెలుగు కుటుంబాలకు చిక్కు వచ్చేది బడి సెలవుల దగ్గరే. వేసవి సెలవులు మొదలైన వెంటనే, అంటే ఏప్రిల్ చివరి వారంలోనో మే మొదటి వారంలోనో బయలుదేరితే ఎండ, ఉక్క ఉన్నా సాధారణంగా పడవలకు ఇబ్బంది ఉండదు. మే రెండో సగానికి వాయిదా వేస్తే మాత్రం వానలో చిక్కుకునే అవకాశం ఎక్కువ, ఎందుకంటే నైరుతి రుతుపవనాలు కేరళను తాకడానికి ముందే అండమాన్‌ను చేరుకుంటాయి. దసరా సెలవులు చూడడానికి అనువుగా కనిపిస్తాయి కానీ, అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో వాయుగుండాల కాలం. ఆ రోజులలో ఫెర్రీలు రద్దు కావడం అరుదేమీ కాదు. సంక్రాంతి సెలవులు అన్నిటికంటే మంచివి. రద్దీ, ధరలు కూడా అప్పుడే ఎక్కువ కనుక నెలల ముందే టికెట్లు తీసుకోవాలి.

హైదరాబాద్, చెన్నై నుంచి విమానంలో వెళ్లడం సులువైన మార్గం. విశాఖపట్నం నుంచి ఓడ కూడా ఉంది కానీ, అది ఎప్పుడో ఒకసారి మాత్రమే బయలుదేరుతుంది, ప్రయాణానికి రెండు రోజులకు పైగా పడుతుంది. సెలవు పుష్కలంగా ఉండి, సముద్రప్రయాణం మీదే మనసున్న వారు తప్ప మిగిలినవారు దానిని తలపెట్టకపోవడమే మేలు. భారత పౌరులకు మామూలు పర్యాటక దీవులకు ప్రత్యేక అనుమతి పత్రం అక్కరలేదు. విదేశీ పాస్‌పోర్టు ఉన్న బంధువులు వెంట వస్తుంటే, వారికి వర్తించే అనుమతి నిబంధనలను టికెట్లు కొనకముందే సరిచూసుకోవాలి.

చాలామంది లెక్కలోకి తీసుకోనిది అక్కడి వెలుతురు. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నిర్ణయమైంది. పోర్ట్ బ్లెయిర్ దాదాపు 92.7 డిగ్రీల వద్ద ఉంది. పది డిగ్రీల తేడా వల్ల సూర్యుడు గడియారం కంటే సుమారు నలభై నిమిషాలు ముందు నడుస్తాడు. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే సూర్యాస్తమయం అయిపోతుంది. అందుచేత మధ్యాహ్నం భోజనం ముగించి, కాస్త నడుం వాల్చి, నాలుగున్నరకు తీరానికి బయలుదేరే అలవాటు అక్కడ పనికిరాదు. తెల్లవారుజామున ఐదింటికి లేచి, ముఖ్యమైన పనులన్నీ మధ్యాహ్నం మూడు లోపు పూర్తి చేసుకునేలా రోజును అమర్చుకోవాలి.

పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు ప్రైవేటు ఫెర్రీలలో సుమారు గంటన్నర నుంచి రెండు గంటలు, ప్రభుత్వ ఫెర్రీలో అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. ప్రభుత్వ ఫెర్రీ చాలా చవక, స్థానికుల రాకపోకలకు అదే ఆధారం, కాబట్టి పర్యాటకులకు సీట్లు దొరకడం కష్టం. పిల్లలు, పెద్దలతో వెళ్లేవారు ప్రైవేటు ఫెర్రీకి ముందుగా టికెట్ తీసుకోవడం మంచిది. టికెట్ మీది పేరు గుర్తింపు కార్డులోని పేరుతో సరిపోవాలి. ఏ జెట్టీ నుంచి బయలుదేరుతుందో టికెట్‌లో చూసుకుని, గంట ముందే అక్కడ ఉండాలి. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు వైద్యుడిని అడిగి తెచ్చుకున్న మాత్రను పడవ కదలకముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక వేసుకుంటే అంతగా ఫలితం ఉండదు. సీటు ఎంచుకునే వీలుంటే కింది అంతస్తులో, పడవ మధ్య భాగంలో తీసుకోవాలి. అక్కడ ఊపు తక్కువ.

ఆరు రాత్రుల యాత్రను నేనైతే ఇలా అమరుస్తాను: మొదటి రాత్రి పోర్ట్ బ్లెయిర్, మూడు రాత్రులు హావ్‌లాక్, ఒక రాత్రి నీల్, చివరి రాత్రి తిరిగి పోర్ట్ బ్లెయిర్. ఆ చివరి రాత్రిని ఎట్టి పరిస్థితిలోనూ వదులుకోవద్దు. ఉదయం ఫెర్రీలో వచ్చి మధ్యాహ్నం విమానం ఎక్కవచ్చని వేసే లెక్క, గాలి కాస్త తిరగబడిందంటే కుటుంబం మొత్తానికి కొత్త విమాన టికెట్లు కొనవలసిన పరిస్థితి తెస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌లోని సెల్యులార్ జైలుకు తగినంత సమయం కేటాయించండి. 1906లో నిర్మాణం పూర్తయిన ఈ జైలుకు మొదట ఏడు విభాగాలు ఉండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. మన్యంలోని రంప తిరుగుబాటుకు చెందిన ఖైదీలను కూడా ఈ దీవులకు పంపారు కనుక, తెలుగు పిల్లలకు ఆ గోడల మధ్య చెప్పవలసిన సొంత చరిత్ర ఉంది. సాయంత్రం జరిగే ధ్వని, కాంతి ప్రదర్శన ఏ భాషలో ఎన్నింటికి ఉందో ముందే కనుక్కోవాలి.

హావ్‌లాక్‌లో రాధానగర్ తీరానికి 2020లో, శుభ్రత, భద్రత ప్రమాణాలు పాటించే తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. అది పడమటి తీరం కనుక దానిని సాయంత్రానికి, తూర్పున ఉన్న కాలాపత్థర్ తీరాన్ని ఉదయానికి కేటాయించండి. ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్‌కు, అంటే గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి మీద తేలి అడుగును చూడడానికి, ఉదయపు వేళే మంచిది. ఈత రానివారు కూడా శిక్షకుడి సాయంతో స్కూబా డైవింగ్ (గాలి సిలిండరుతో నీటి లోపలికి దిగడం) చేయవచ్చు. అయితే ఉబ్బసం, గుండె జబ్బు, చెవి సమస్యలు ఉంటే దాచకుండా చెప్పి, వైద్యుడి అనుమతి తీసుకోవాలి. డైవింగ్ తరువాత విమానం ఎక్కడానికి కనీసం పద్దెనిమిది గంటల వ్యవధి ఉంచుకోవడం క్షేమం కనుక, దానిని యాత్ర మొదటి సగంలోనే పూర్తి చేయాలి. నీల్ చిన్న దీవి, అక్కడి ముఖ్య ఆకర్షణ అయిన సహజ శిలావంతెన దగ్గరకు వెళ్లాలంటే నీరు వెనక్కి తగ్గి ఉండాలి. ఆ రోజు పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో హోటల్‌లో అడిగి, దానిని బట్టే బయలుదేరాలి.

భద్రత విషయంలో మొహమాటం పనికిరాదు. ఈ దీవులలో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 2010లో రాధానగర్ సమీపంలో ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించారు. హెచ్చరిక బోర్డులు ఉన్నచోట, వాగులు సముద్రంలో కలిసే చోట, చీకటి పడ్డాక నీటిలోకి దిగకూడదు.

బారాటాంగ్ దీవిలోని సున్నపురాతి గుహలకు వెళ్లే రోడ్డు జారవా అనే ఆదివాసి తెగకు కేటాయించిన రక్షిత అడవి మీదుగా సాగుతుంది. అక్కడ వాహనాలు వరుసగా, పోలీసుల రక్షణలో మాత్రమే వెళ్లాలి. ఆగడం, ఫొటోలు తీయడం నేరం. జారవాలను చూపిస్తామని ఆశపెట్టే వాహనదారుడిని వెంటనే తిరస్కరించాలి. తొలి యాత్రలో నేను ఆ ప్రయాణాన్ని సిఫారసు చేయను: అర్ధరాత్రి దాటాక బయలుదేరి రోజంతా రోడ్డు మీద గడపడం కంటే, ఆ రోజును హావ్‌లాక్‌కు ఇవ్వడం మంచిది.

చిన్న దీవులలో మొబైల్ సంకేతం అన్నిచోట్లా ఒకేలా అందదు కనుక కొంత నగదు, టికెట్ల కాగితపు ప్రతులు వెంట ఉంచుకోవాలి. భాష గురించి దిగులు అక్కరలేదు. 2011 జనగణన ప్రకారం అక్కడి జనాభాలో సుమారు పదమూడు శాతం తెలుగువారే. పగడాలు, గవ్వలు ఏరుకుని తేవడాన్ని పిల్లలకు ముందుగానే వద్దని చెప్పండి. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. విమానాశ్రయ తనిఖీలో దొరికితే స్వాధీనం చేసుకుంటారు.

చివరిగా, ఒక రోజు ఫెర్రీలు రద్దయితే దేనిని వదులుకోవాలో ఇంటి దగ్గరే నిర్ణయించుకోండి. నా లెక్కలో ముందుగా వదులుకోవలసింది నీల్. ఆ బసను రద్దుకు వీలుండే ధరలోనే తీసుకుని, హావ్‌లాక్ హోటల్‌వారి ఫోన్ నంబరును, ఫెర్రీ కంపెనీ నంబరును కాగితం మీద రాసుకోండి. వాతావరణం వల్ల పడవ రద్దయితే డబ్బు తిరిగి ఇస్తారా, మరో పడవలో సీటు ఇస్తారా అన్నది టికెట్ కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి.