బస్సులో ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చోవాల్సి వస్తే: లక్షణం, కారణం, ఫిర్యాదు

"డ్రైవర్ రాష్‌గా నడుపుతున్నాడు, వెంటనే చర్య తీసుకోండి." బస్సుల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఇలాంటివే ఎక్కువ. వాటికి వచ్చే జవాబూ దాదాపు ఒకటే: "సంబంధిత అధికారి దృష్టికి తీసుకెళ్లాం." అక్కడితో సరి. ఇందులో అవతలివాళ్ల నిర్లక్ష్యం కొంత ఉండొచ్చు. కానీ ఆ ఫిర్యాదులో సరిచూసుకోవడానికి ఏముంది? ఏ బస్సు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏం జరిగింది? ఇవేవీ లేకపోతే నిజంగా విచారించాలనుకున్న అధికారి కూడా చేతులెత్తేస్తాడు.

ఇంకో సంగతి. మన కళ్లకు కనిపించేది స్టీరింగ్ ముందున్న మనిషి ఒక్కడే కాబట్టి తప్పంతా అతని మీదకే పోతుంది. పట్టీపట్టని బ్రేకులు, ఎంత తొక్కినా అందుకోలేని టైమింగులు, నిద్ర లేకుండా వేసే డ్యూటీలు మనకు కనిపించవు. అందుకే ముందు లక్షణాన్ని సరిగ్గా గుర్తుపట్టాలి. దాన్నిబట్టే ఫిర్యాదు ఎవరికి వెళ్లాలో తేలుతుంది.

డ్రైవర్ తూలుతున్నాడు, బస్సు లైన్ తప్పుతోంది

ఇది తీరిగ్గా ఫిర్యాదు రాసుకునే విషయం కాదు, అప్పటికప్పుడు ఆపించాల్సిన విషయం. తల వాలిపోవడం, బస్సు మెల్లగా పక్కకు జరిగి ఒక్కసారిగా మళ్లీ సర్దుకోవడం, కారణం లేకుండా వేగం తగ్గడం, పెరగడం, ఇవన్నీ నిద్రమత్తు గుర్తులు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు కన్ను మూతపడితే బస్సు 50 మీటర్లు చూసేవాడు లేకుండా పోతుంది.

వెనకనుంచి కేకలు వేయకండి. ఉలిక్కిపడి స్టీరింగ్ తిప్పేస్తే అసలుకే మోసం. కండక్టర్ ఉంటే అతనితో, లేకపోతే ముందు సీట్లలో ఉన్న ఒక పెద్దమనిషితో నెమ్మదిగా చెప్పించి, సురక్షితమైన చోట ఆపించండి. ముఖం కడుక్కుని వచ్చి "ఇప్పుడు బాగానే ఉన్నాను" అంటే నమ్మి కూర్చోవద్దు. నిద్రకు మందు నిద్రే. మద్యం వాసన వచ్చినా, ఆపమన్నా ఆపకపోయినా పోలీసులకు ఫోన్ చేయాలి. భారతదేశంలోనూ యూరోపియన్ యూనియన్ దేశాల్లోనూ అత్యవసర నంబరు 112. బస్సు నంబరు, ఏ దిక్కుగా వెళ్తోంది, చివరగా దాటిన ఊరు, ఈ మూడూ చెబితే చాలు.

తర్వాత రాసే ఫిర్యాదులో మాత్రం ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ఆ డ్రైవర్ అంతకుముందు డ్యూటీ ఎప్పుడు దిగాడు? యూరప్‌లో దూరప్రాంత బస్సుల డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపాక మొత్తం 45 నిమిషాలు విరామం తీసుకోవాలి. భారతదేశంలో 2025 వరకు అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని సాధారణ పరిమితి పెట్టింది. డబుల్ డ్యూటీ వేసి పంపింది డిపో అయితే, డ్రైవర్‌ను సస్పెండ్ చేయడం వల్ల రేపటి బస్సు బాగుపడదు.

మితిమీరిన వేగం

వేగం విషయంలో మన అంచనా చాలాసార్లు తప్పుతుంది. పాత బస్సులో అద్దాలన్నీ గడగడలాడుతుంటే 50 కూడా 80లా అనిపిస్తుంది. కొత్త ఏసీ బస్సులో 90 దాటినా తెలియదు. అందుకే కిటికీ పక్కన కూర్చుని ఫోన్‌లో మ్యాప్ లేదా జీపీఎస్ స్పీడ్ చూపించే యాప్ తెరవండి. ఒక్క అంకె చూసి ఆగకుండా ఓ నిమిషం గమనించి, అంకె, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. "చాలా స్పీడు" అని పది వాక్యాలు రాసినా, ఆ స్క్రీన్‌షాట్‌కు ఉన్న బలం రాదు.

వేగం ఎందుకంత ముఖ్యమో లెక్క వేసి చూడండి. ముందు ఏదో అడ్డొచ్చిందని గ్రహించి బ్రేక్ మీద కాలు పెట్టడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుందాం. రోడ్డు పొడిగా ఉండి, బ్రేకులు బాగానే పట్టినా, 60 వేగంలో ఉన్న బస్సు ఆగేసరికి దాదాపు 53 మీటర్లు పోతుంది. 80 వేగంలో అయితే దాదాపు 83 మీటర్లు. వేగం పెరిగింది మూడో వంతు, దూరం పెరిగింది సగానికి పైగా. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇప్పుడు కారణం. అదే సర్వీసు వేర్వేరు రోజుల్లో ఎక్కి చూడండి, లేదా రోజూ అందులో వెళ్లేవాళ్లను అడగండి. ఒకే డ్రైవర్ ఉన్నప్పుడే ఇలా జరుగుతుంటే అది అతని అలవాటు. ఎవరు నడిపినా ఇదే తంతు అయితే టైమింగులోనే తేడా ఉంది. ట్రాఫిక్ పెరిగినా పాత రన్నింగ్ టైమే కొనసాగిస్తుంటే, ఆ కొరత డ్రైవర్ యాక్సిలరేటర్ మీద తీరుతుంది. అప్పుడు ఫిర్యాదులో డ్రైవర్ ప్రస్తావన తగ్గించి, "ఈ సర్వీసు సమయానికి చేరాలంటే వేగ పరిమితి దాటక తప్పడం లేదు, రన్నింగ్ టైమ్ సవరించండి" అని రాయాలి.

రెండు బస్సులు పందెం వేసుకుంటున్నాయంటే మూడో కారణం చూడాలి: డబ్బులు. ఎక్కిన ప్రయాణికుల లెక్కన ఆదాయం వచ్చే చోట ముందు స్టాపుకు ఎవరు చేరితే వాళ్లదే బేరం. కొలంబియా రాజధాని బొగోటాలో ఏళ్ల తరబడి ఇదే గొడవ. 2000 సంవత్సరం చివర్లో అక్కడ మొదలైన ట్రాన్స్‌మిలేనియో బస్సు వ్యవస్థలో నిర్వాహకులకు తిరిగిన కిలోమీటర్ల లెక్కన చెల్లించడం మొదలుపెట్టారు, దాంతో ఆ మార్గాల్లో ప్రయాణికుల కోసం పరుగెత్తాల్సిన పని తప్పింది. కాబట్టి పందేల మీద ఫిర్యాదును బస్సు యజమానికి పంపితే ప్రయోజనం తక్కువ. పర్మిట్ ఇచ్చే రవాణా శాఖకు, రెండు బస్సుల నంబర్లూ రాసి పంపాలి.

మాటిమాటికీ సడన్ బ్రేకులు

నిలబడి ప్రయాణించేవాళ్లకు, ముఖ్యంగా వయసు మీదపడినవాళ్లకు, ఇది వేగం కంటే ఎక్కువ హాని చేస్తుంది. బస్సు దేన్నీ గుద్దకుండానే లోపల మనుషులు పడి ఎముకలు విరగ్గొట్టుకుంటారు.

దీనికి మామూలు కారణం ముందు బండిని అంటుకుని నడపడం. దీన్ని కొలవడం తేలిక. ముందు వెళ్తున్న వాహనం ఒక స్తంభాన్ని దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్రెండు" అని మామూలు వేగంతో లెక్కపెట్టండి. మీ బస్సు ఆ స్తంభం దగ్గరికి వచ్చేలోపు కార్లకైనా రెండు సెకన్లు గడవాలి. బస్సు లాంటి బరువైన బండికి ఇంకా ఎక్కువే కావాలి, వానలో దానికి రెట్టింపు. "ఒక్క సెకను ఎడం కూడా లేదు, నాలుగు చోట్ల లెక్కపెట్టి చూశాను" అని రాస్తే, ఆ మాటను డ్రైవర్లకు శిక్షణ ఇచ్చేవాళ్లు వెంటనే అర్థం చేసుకుంటారు.

ముందు రోడ్డు ఖాళీగా ఉన్నా ప్రతి స్టాపులోనూ అదే కుదుపు వస్తుంటే అనుమానం బండి మీదకు మళ్లించండి. బ్రేక్ వేసినప్పుడు బస్సు ఒక పక్కకు లాగడం, డ్రైవర్ ముందు గాలి ఒత్తిడి తగ్గిందని చెప్పే బజర్ ఆగకుండా మోగడం, స్టీరింగ్ అటూ ఇటూ బాగా తిప్పితే గానీ బస్సు తిరగకపోవడం, ఇవి గ్యారేజీ చూసుకోవాల్సినవి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు కాలిన వాసన వస్తే బ్రేకులు వేడెక్కాయని అర్థం. చిన్న గేరులో దిగకుండా బ్రేకు మీదే కాలు పెట్టి దింపితే అలా అవుతుంది, ఇంకా వేడెక్కితే బ్రేకు పట్టడమే మానేస్తుంది. ఆ వాసన వచ్చినప్పుడు ఆపి చల్లారనివ్వమని అడగడంలో మొహమాటం వద్దు.

బండి లోపం మీద ఫిర్యాదులో డ్రైవర్ కంటే రిజిస్ట్రేషన్ నంబరు ముఖ్యం. మర్నాడు అదే బండి వేరే రూటులో, వేరే డ్రైవర్‌తో రోడ్డు మీదకు వస్తుంది. ఇలాంటి ఫిర్యాదుకు డ్రైవర్లే లోలోపల సంతోషిస్తారు కూడా. వాళ్లు లాగ్‌షీట్‌లో ఎన్నిసార్లు రాసినా పట్టించుకోని రిపేరు, ప్రయాణికుడు రాస్తే కదులుతుంది.

ఎక్కీ ఎక్కకముందే కదలడం, నడిరోడ్డు మీద దింపడం

కారణం తొందర, లేదా బెల్లు కొట్టే కండక్టర్ వెనక తలుపు చూడకపోవడం. స్టాపు పేరు, సమయం రాస్తే చాలు. తలుపు దగ్గర కెమెరా ఉన్న బస్సయితే మిగతాది అదే చెబుతుంది.

ఎవరైనా పడిపోతే మాత్రం "ఏం కాలేదులే" అని సర్దుకుని వెళ్లిపోవద్దు. ఘటనను అక్కడికక్కడే సిబ్బంది చేత నమోదు చేయించండి, టికెట్ దాచండి, అదే రోజు డాక్టరుకు చూపించి కాగితం తీసుకోండి. నొప్పి మర్నాడు బయటపడి, కాగితం వారం తర్వాత తెస్తే, పరిహారం అడిగేటప్పుడు ఆ వారమే అడ్డుపడుతుంది.

చెవి దగ్గర ఫోన్

ఫోన్ వాడుతూ నడిపేవాళ్లు ప్రమాదంలో పడే అవకాశం దాదాపు నాలుగు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. చేతిలో ఫోన్ పట్టుకుని నడపడం భారతదేశంలో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద ప్రమాదకర డ్రైవింగ్‌లోకే వస్తుంది.

వీడియో మీ సీట్లోంచే తీయండి, లేచి డ్రైవర్ పక్కకు వెళ్లి కెమెరా పెట్టకండి. ఫోన్ పట్టుకున్న చేయి, కదులుతున్న రోడ్డు ఒకే ఫ్రేములో పడితే పది సెకన్లు చాలు. ఆ ఒరిజినల్ ఫైల్ డిలీట్ చేయొద్దు. మెసేజింగ్ యాప్‌లో పంపినప్పుడు క్వాలిటీ పడిపోవడమే కాదు, ఎప్పుడు తీశారో చెప్పే వివరాలు కూడా పోతుంటాయి. వీడియోను ముందు సోషల్ మీడియాలో పెట్టాలన్న ఉబలాటం అర్థం చేసుకోదగ్గదే. కానీ నా సలహా, ముందు రాతపూర్వక ఫిర్యాదు, దాని నంబరు చేతికి వచ్చాకే మిగతావి. అప్పుడైనా పక్క ప్రయాణికుల ముఖాలు కనబడకుండా చూడండి.

"ఆధారాలు లేవు" అని ఫైల్ మూసేశారు

చాలావరకు ఇది ఆలస్యం వల్ల వచ్చే జవాబు. బస్సు కెమెరాల రికార్డరులో చోటు పరిమితం. నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి పడిపోతాయి. ఎన్నాళ్లకు అనేది ఆ సంస్థ పెట్టుకున్న పరికరాన్ని బట్టి ఉంటుంది, ఎక్కువ కాలం ఉంటుందని మాత్రం ఆశపడొద్దు. కాబట్టి ఫిర్యాదు అదే రోజు వెళ్లాలి, అందులో ఫుటేజీ భద్రపరచమని విడిగా అడగాలి. ఇలా:

"ఈ నెల 14న ఉదయం 8:40కి, బస్టాండు నుంచి రైల్వే స్టేషన్ వైపు వెళ్తున్న ఫలానా నంబరు బస్సు, ప్రభుత్వ ఆసుపత్రి ముందు సిగ్నల్ ఎర్రగా ఉండగానే దాటింది. అడ్డంగా వచ్చిన బైకును తప్పించడానికి డ్రైవర్ గట్టిగా బ్రేక్ వేయగా, నిలబడి ఉన్న ఒక మహిళ పడిపోయారు. టికెట్ ఫొటో జతచేశాను. 8:35 నుంచి 8:45 వరకు ఉన్న కెమెరా ఫుటేజీ, జీపీఎస్ డేటా భద్రపరచి, విచారణ ఫలితం నాకు రాతపూర్వకంగా తెలియజేయండి."

ఇందులో "దున్నపోతులా", "మనుషుల ప్రాణాలంటే లెక్కలేదు" లాంటి మాటలు ఎక్కడా లేవు. కోపం వస్తుంది నిజమే, కానీ చదివేవాడికి ఆ కోపం ఫిర్యాదును పక్కన పెట్టడానికి ఒక సాకు అవుతుంది. మీరు చూసింది రాయండి, ఊహించింది రాయకండి. "తాగి ఉన్నాడు" అని కాకుండా "మాట తడబడింది, మద్యం వాసన వచ్చింది" అని రాయాలి.

కెమెరా లేకపోయినా దారులు మూసుకుపోవు. భారతదేశంలో 2019 నుంచి కొత్తగా రిజిస్టర్ అయ్యే బస్సులకు లొకేషన్ ట్రాకింగ్ పరికరం ఉండాలన్న నిబంధన ఉంది. యూరప్‌లో దూరప్రాంత బస్సుల్లో టాకోగ్రాఫ్ వేగాన్నీ, నడిపిన గంటలనూ నమోదు చేస్తుంది. "జీపీఎస్ డేటా చూశారా? చూస్తే ఆ సమయంలో వేగం ఎంత?" అని మళ్లీ అడగండి.

జవాబే రాలేదు

ముందు చూడాల్సింది, ఫిర్యాదు సరైన చోటికి చేరిందా అని. సంస్థ రంగు, పేరు ఉన్నా బస్సు అద్దెది కావచ్చు, డ్రైవర్ ప్రైవేటు యజమాని దగ్గర జీతగాడు కావచ్చు. అలాంటప్పుడు సంస్థ యజమాని మీద, యజమాని సంస్థ మీద తోసేస్తారు. ఇద్దరికీ ఒకే ఉత్తరం, ఒకరికి పంపినట్టు మరొకరికి తెలిసేలా పంపండి.

ఫోన్‌లో చెప్పిన ఫిర్యాదుకు నంబరు తీసుకోకపోతే అది చెప్పనట్టే. నంబరు ఉండీ కదలికే లేకపోతే మెట్లు ఇవి: డిపో లేదా యజమాని, తర్వాత సంస్థ పై అధికారి, తర్వాత పర్మిట్లు, లైసెన్సులు చూసే రవాణా శాఖ. సిగ్నల్ జంప్, రాంగ్ సైడ్ లాంటివి నేరాలు కాబట్టి వాటికి ఈ మెట్లు ఎక్కాల్సిన పని లేదు, నేరుగా ట్రాఫిక్ పోలీసులకు ఇవ్వొచ్చు. ప్రభుత్వ సంస్థ అయితే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద "నా ఫిర్యాదు మీద తీసుకున్న చర్య ఏమిటి" అని అడగవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

పదిమంది చేత ఒకే కాపీ సంతకాలు పెట్టించి పంపడం కంటే, ముగ్గురు వేర్వేరు రోజుల్లో తాము చూసింది తమ మాటల్లో రాయడం మేలు. మొదటిది ఒక్క ఫిర్యాదుగానే లెక్కకు వస్తుంది, రెండోది అలవాటని రుజువు చేస్తుంది.

"రోజూ అదే బస్సు, డ్రైవర్‌కు నా పేరు తెలిస్తే?"

ఈ భయం న్యాయమైనదే. పేరు లేని ఫిర్యాదును చాలాచోట్ల తీసుకోరు, కాబట్టి పేరు ఇచ్చి, "నా వివరాలు సిబ్బందికి వెల్లడించవద్దు" అని మొదటి లైన్లోనే రాయండి. సీటు నంబరు, దిగే స్టాపు లాంటి మిమ్మల్ని పట్టిచ్చే వివరాలు అనవసరమైతే వదిలేయండి.

అతని ఉద్యోగం పోతుందేమోనన్న జంకు కూడా కొందరికి ఉంటుంది. సస్పెండ్ చేయమని అడగాల్సిన పని లేదు. తిరిగి శిక్షణ ఇవ్వమని, డ్యూటీ గంటలు చూడమని, బ్రేకులు తనిఖీ చేయమని అడగవచ్చు. కొన్ని వారాలయ్యాక అదే సర్వీసు ఎక్కి చూడండి. తేడా లేకపోతే, పాత ఫిర్యాదు నంబరు పైన వేసి, కొత్త తేదీతో మళ్లీ రాయండి.